చూడగానే అర్థమయ్యే మ్యాప్ గీయడం ఎలా?

కొత్తగా మ్యాపులు గీసేవారి పటాల్లో తరచూ కనిపించే లోపం ఒకటుంది: అన్నీ ఉంటాయి. రోడ్లు, కాలువలు, వార్డు హద్దులు, వీధుల పేర్లు, ఎత్తుపల్లాలు ఒకే మందంతో ఒకదానితో ఒకటి పోటీపడతాయి. చూసేవారికి కావలసింది మాత్రం వెతికినా దొరకదు. ఒక్క క్లిక్‌తో కొత్త లేయర్ (ఒక రకం సమాచారం ఉన్న పొర) చేరిపోతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో ఈ బెడద మరీ ఎక్కువ. ఏది వదిలెయ్యాలో తేల్చుకోవడమే మ్యాప్ డిజైన్‌లో అసలు పని.

ఒక చిన్న ఊరి మ్యాప్‌ను మొదటి నుంచి చివరిదాకా పూర్తిచేస్తే ఈ విద్య బాగా పట్టుబడుతుంది. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఊరి స్థాయి డేటాకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, దేశాల స్థాయి డేటాకు నేచురల్ ఎర్త్ సరిపోతాయి. ఇక్కడ ఉదాహరణగా నది ఒడ్డున ఉన్న ఒక ఊరికి వరద మ్యాప్ గీద్దాం.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"వరద వస్తే ఇక్కడివాళ్లు ఏ దారిన ఎత్తైన చోటికి చేరాలి?" ఇంత స్పష్టంగా ఉండాలి. "ఊరి వరద పరిస్థితి" అని రాసుకుంటే ఏ లేయర్ ఉండాలో, ఏది పోవాలో తేలదు. పై ప్రశ్నకు కావలసినవి నాలుగే: నీరు చేరే మేర, నడవగల దారులు, ఆశ్రయమిచ్చే భవనాలు, మనిషి తానెక్కడున్నాడో పోల్చుకోవడానికి కొన్ని గుర్తులు. వార్డు హద్దులు, భూమి వినియోగం, బస్సు రూట్లు తీసేయండి. మ్యాప్‌ను ఫోన్‌లో చూస్తారా, ఏ4 కాగితం మీదా, గోడ మీదా అన్నది కూడా ఇప్పుడే రాసుకోండి. అక్షరాల పరిమాణం, గీతల మందం అన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

2. స్కేలు, ప్రొజెక్షన్ నిర్ణయించండి

ఏ4 కాగితం వెడల్పు 21 సెం.మీ. అంచులు పోగా 19 సెం.మీ. మిగులుతుంది. ఊరు 4 కి.మీ. వెడల్పుంటే 4,000 మీటర్లను 0.19 మీటర్లతో భాగించండి. సుమారు 21,000 వస్తుంది. దీన్ని 1:25,000కు సవరిస్తే 1 సెం.మీ.కి 250 మీటర్లు, ఊరు 16 సెం.మీ.లో ఇముడుతుంది. పక్కన సూచికకు (గుర్తుల అర్థం చెప్పే పట్టీకి) చోటు కూడా మిగులుతుంది.

గుండ్రటి భూమిని చదునైన కాగితం మీదికి తెచ్చే పద్ధతే ప్రొజెక్షన్. ఊరంత ప్రాంతానికి యూటీఎం అనే ప్రొజెక్షన్ చాలు. అది భూమిని 6 డిగ్రీల చొప్పున 60 జోన్లుగా విడదీస్తుంది. ఒక జోన్ లోపల దూరాల్లో తేడా వెయ్యికి ఒక వంతు మించదు. పెద్ద ప్రాంతాలతోనే అసలు ఇబ్బంది. ఆన్‌లైన్ మ్యాపుల్లో వాడే వెబ్ మెర్కేటర్‌లో 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పొడవులు రెట్టింపు, వైశాల్యాలు నాలుగింతలు అవుతాయి. ఆఫ్రికా గ్రీన్‌లాండ్‌కు సుమారు 14 రెట్లు పెద్దది, అయినా అందులో రెండూ ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి. దేశాలను రంగులతో పోల్చే పటానికి దాన్ని వాడకండి. వైశాల్యాలను కాపాడే ప్రొజెక్షన్ ఎంచుకోండి.

3. ఏరండి, సరళం చేయండి, అవసరమైతే జరపండి

10 మీటర్ల రోడ్డు 1:50,000 స్కేలులో 0.2 మి.మీ. అవుతుంది. ముఖ్యమైన రోడ్డని చూపాలంటే 0.8 మి.మీ. మందంతో గీస్తాం. అంటే కాగితం మీద ఆ రోడ్డు నేలమీది 40 మీటర్లను ఆక్రమిస్తోంది. ఇరుకు లోయలో నది, రైలు దారి, రోడ్డు పక్కపక్కనే ఉంటే మూడు గీతలూ ఒకదానిమీదొకటి పడతాయి. అప్పుడు నదిని ఉన్నచోటే ఉంచి, రైలు దారినీ రోడ్డునూ కొద్దిగా పక్కకు జరపాలి. ఇది తప్పుడు పని కాదు. స్థానంలో కొన్ని మీటర్లు మారినా పరవాలేదు. ఏది దేనికి ఏ పక్కన ఉందన్నది మాత్రం మారకూడదు. నదికి ఎడమ గట్టున ఉన్న ఊరు ఎడమ గట్టునే ఉండాలి.

గీతల వంకరలు తగ్గించడానికి 1973 నాటి డగ్లస్–ప్యూకర్ పద్ధతి చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది. ఎంత తగ్గించాలో తెలియకపోతే, కాగితం మీద 0.2 మి.మీ.తో మొదలుపెట్టండి, 1:25,000లో అది నేలమీద 5 మీటర్లు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, పక్కపక్క ప్రాంతాల హద్దులను విడివిడిగా సరళం చేయడం. ఉమ్మడి హద్దు ఇటు ఒకలా, అటు ఒకలా తయారై మధ్యలో సందులు తేలతాయి. ఉమ్మడి హద్దును ఒక్కసారే సరళం చేసే పనిముట్టు వాడాలి. మ్యాప్‌షేపర్ ఆ పని చేస్తుంది.

4. మొదట బూడిద రంగులోనే గీయండి

ఈ ఒక్క అలవాటు వల్ల వచ్చే మార్పు చాలా పెద్దది. రంగులుంటే కూర్పులోని లోపాలు వాటి చాటున దాక్కుంటాయి. కాబట్టి నలుపు, బూడిద ఛాయలు మాత్రమే పెట్టుకుని మూడు అంతస్తులు ఏర్పరచండి.

పై అంతస్తులో తప్పించుకునే దారులు, ఆశ్రయాలు: 1.2 మి.మీ. గీత, దాదాపు నలుపు. మధ్యలో వరద మేర, ఇతర రోడ్లు: 0.5 మి.మీ., మధ్యస్థ బూడిద. అడుగున ఇళ్లు, కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపేవి): 0.15 మి.మీ., లేత బూడిద. 0.5, 0.6 మి.మీ. గీతలు పక్కపక్కన ఉంటే కంటికి ఒకటే. ఒక అంతస్తుకూ ఇంకోదానికీ మందంలో కనీసం ఒకటిన్నర రెట్ల తేడా ఉంచండి.

ఇప్పుడు రెండు మీటర్లు వెనక్కి జరిగి కళ్లు సగం మూసి చూడండి. దారులు ముందుగా కనిపించాలి. ఇళ్ల గుంపు కనిపిస్తే దాన్ని ఇంకా లేతగా చేయండి. పైదాన్ని ముదురు చేయాలనే మనసవుతుంది కానీ, అడుగుదాన్ని తగ్గించడమే ఎప్పుడూ మేలు.

కొండల నీడలు వేస్తే వెలుగు వాయవ్యం నుంచి, అంటే 315 డిగ్రీల దిక్కు నుంచి పడేలా పెట్టండి. ఆగ్నేయం నుంచి పెడితే చాలామందికి లోయలు గుట్టల్లా, గుట్టలు లోయల్లా కనిపిస్తాయి.

5. ఇప్పుడు రంగు

క్రమం ఉన్న విలువలకు ఒకే రంగు లేత నుంచి ముదురుకు. సున్నాకు ఇటూ అటూ పోయే విలువలకు రెండు రంగులు, మధ్యలో తెలుపు. రకాలకు (బడి, ఆసుపత్రి, గుడారం) వేర్వేరు రంగులు. మన వరద లోతుకు 0.5, 1, 2 మీటర్ల దగ్గర విరిచి నాలుగు నీలాలు వాడితే చాలు. నదికి ముదురు అంచు పెడితే వరద నీటిలో కలిసిపోదు. అయిదారు ఛాయలు దాటితే సూచికతో పోల్చి చదవడం కష్టం. ఇంద్రధనుస్సు వరస వద్దు. అందులో పసుపు మిగతావాటికన్నా ప్రకాశవంతం కాబట్టి, మధ్య విలువలే కంటికి ముందు తగులుతాయి. ఎరుపు–ఆకుపచ్చ జంటను వర్ణాంధత్వం ఉన్నవారిలో చాలామంది విడదీయలేరు. సింథియా బ్రూవర్ రూపొందించిన కలర్‌బ్రూవర్ అనే మ్యాపు రంగుల పనిముట్టులో అలాంటివారికీ పనికొచ్చే వరసలు సిద్ధంగా దొరుకుతాయి.

జిల్లాలకో వార్డులకో రంగు నింపేటప్పుడు మొత్తం సంఖ్యలు కాక రేటు చూపండి: వెయ్యి ఇళ్లకు ఎన్ని మునిగాయి అన్నట్టు. లేకపోతే పెద్ద వార్డు ఎప్పుడూ ముదురుగానే ఉంటుంది. మొత్తాలు చూపాలంటే వృత్తాలు వేయండి. విలువ నాలుగింతలైతే వ్యాసార్థం రెండింతలే కావాలి, ఎందుకంటే కన్ను చూసేది వైశాల్యాన్ని.

6. పేర్లు రాయండి

ఎక్కువ సమయం పట్టే పని ఇదే, సాఫ్ట్‌వేర్‌కు వదిలెయ్యకూడనిదీ ఇదే. స్విస్ కార్టోగ్రాఫర్ (పటాలు గీసే నిపుణుడు) ఎడువర్డ్ ఇమ్‌హోఫ్ చెప్పిన క్రమం నేటికీ పనిచేస్తుంది: చుక్కకు కుడివైపు కాస్త పైన పేరు, అక్కడ చోటు లేకపోతే మిగతా వైపులు. తీరంలోని ఊరి పేరు పూర్తిగా నీటి మీదో పూర్తిగా నేల మీదో ఉండాలి, గట్టును దాటకూడదు. నది పేరు దాని వంపు వెంట, తలకిందులు కాకుండా రాయాలి.

ఈ సూత్రాలు రోమన్ లిపిని చూసి ఏర్పడినవి. తెలుగులో రాసేటప్పుడు కొన్ని మార్చుకోవాలి. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. రోమన్ లిపి 6 పాయింట్లలో చదవగలిగితే తెలుగుకు కనీసం 8 కావాలి, రెండు వరసల మధ్య ఎడమూ పెంచాలి. పెద్ద ప్రాంతం పేరును అక్షరాలు దూరదూరంగా పరిచి రాసే పద్ధతిని తెలుగులో జాగ్రత్తగా వాడండి: కొన్ని సాఫ్ట్‌వేర్లు వత్తును అక్షరం నుంచి ఊడదీస్తాయి. వంపు వెంట రాసినప్పుడూ అదే ప్రమాదం, కాబట్టి ప్రతి పేరునూ పెద్దది చేసి చూసుకోండి. నీటి పేర్లను రోమన్‌లో వాలు అక్షరాలతో రాస్తారు. తెలుగు అక్షరాన్ని బలవంతాన వాలిస్తే అందం చెడుతుంది, ముదురు నీలం రంగుతో ఆ తేడా చూపించవచ్చు.

రోడ్డు మీద పడిన పేరు చుట్టూ నేపథ్యం రంగులోనే 0.4 మి.మీ. అంచు ఇవ్వండి. తెల్లటి దట్టమైన అంచు పెడితే పటమంతా అతుకులేసినట్టుంటుంది.

7. చుట్టూ ఉండవలసినవి

శీర్షిక ప్రశ్నకు జవాబులా ఉండాలి: "వరద వస్తే ఎత్తైన చోటికి దారులు". స్కేలును గీతగా వేయండి. ఫొటోకాపీలో పటం చిన్నదైతే "1:25,000" అన్న అంకె అబద్ధమవుతుంది, గీత మాత్రం పటంతోపాటే తగ్గుతుంది. ఉత్తర దిక్కు బాణం ఊరి మ్యాప్‌కు మంచిదే. ప్రపంచ పటంలో చాలా ప్రొజెక్షన్లకు ఉత్తరం చోటుచోటుకూ మారుతుంది కాబట్టి అక్కడ పెట్టకండి. డేటా ఎక్కడిది, ఏ తేదీది అన్నది కింద రాయండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా వాడితే ఆ పేరు చెప్పడం లైసెన్స్ నిబంధన.

8. పరీక్షించండి

అసలు పరిమాణంలో నలుపు తెలుపులో ముద్రించండి. ఆ ప్రాంతం తెలియని ముగ్గురికి ఇచ్చి, "మీరు ఈ వంతెన దగ్గరున్నారు, నీరు వస్తోంది, ఎటు పోతారు?" అని అడగండి. ఏమీ వివరించవద్దు. వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ తడబడిందో గుర్తుపెట్టుకోండి. ఇద్దరు ఒకేచోట ఆగితే 4వ మెట్టుకు వెళ్లి ఆ చోట గీతల మందాలు మార్చండి. సూచికలో వివరణ పెంచితే ఆ తప్పు పోదు.

తర్వాత అదే ఊరిని, అదే డేటాతో, వేరే ప్రశ్నకు గీయండి: "సైకిల్ మీద బడికెళ్లే పిల్లలకు ఏ దారి క్షేమం?" ఈసారి వరద లేయర్ పోతుంది, రద్దీ కూడళ్లు పై అంతస్తుకు వస్తాయి, అడుగున ఉన్న కాంటూర్ గీతల్లో ఎక్కుడు దారులవి మాత్రమే మిగులుతాయి. రెండు ముద్రణలనూ పక్కపక్కన గోడకు అంటించి, ఏ గీత ఎందుకు మారిందో ఒక్కొక్కటిగా రాసుకోండి.