ఇంట్లో ఆడమనిషికి మందు అలవాటైతే చికిత్సకు తీసుకెళ్లడం ఎలా?

కోనసీమలో ధనుర్మాసం చలికి కొబ్బరినూనె పేరుకుపోతుంది. కాసేపు ఎండలో పెడితే గానీ తలకు రాసుకోలేం. ఆ ఏడు మా పిన్ని గదిలో కిటికీ మీదున్న నీలం కొబ్బరినూనె డబ్బా మాత్రం పేరుకోలేదు. కదిపితే గలగలమంది. జడ వేసుకుందామని వెళ్లిన ఆవిడ కూతురు మూత తీసి, వాసన చూసి, మళ్లీ బిగించి పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది నెలల తర్వాత పిన్ని పెరట్లో మూర్ఛ వచ్చి పడిపోయాక గానీ నాకు ఫోన్ రాలేదు.

ఆ పిల్లది తప్పనను. మగవాడు తాగితే అరుగు మీద పంచాయతీ పెడతాం, ఆడమనిషి తాగితే తలుపు మూసేస్తాం. 2019లో కేంద్రం ప్రకటించిన జాతీయ సర్వేలో మందు తాగే మగవాళ్లు నూటికి 27.3, ఆడవాళ్లు 1.6. ఇంత తేడా ఉంది కాబట్టే మందు మానిపించే డీ అడిక్షన్ సెంటర్లలో చాలావరకు మగవాళ్లను దృష్టిలో పెట్టుకుని నడుస్తున్నాయి. ఆడవాళ్లను తీసుకెళ్లాలంటే ఇంకాస్త వెతకాలి, ఇంకాస్త ఏర్పాటు చేసుకోవాలి. మేం రెండుసార్లు తీసుకెళ్లాం. మొదటిసారి చెడింది ఆసుపత్రిలో కాదు, ఇంట్లో. అదెలాగో 5వ మెట్టులో చెబుతాను.

1. ముందు లెక్క రాయండి

తగాదా పడకుండా వారం రోజులు గమనించండి. ఏం తాగుతోంది, ఎంత, ఎన్నాళ్ల నుంచి, పొద్దున్న లేవగానే కావాలంటోందా, ఆఖరిసారి ఎప్పుడు తాగింది, ఇంతకుముందు మూర్ఛ వచ్చిందా. డాక్టరు మొదట అడిగేవి ఇవే. "కొంచెమేనండి" అంటే ఆయనకేమీ అర్థం కాదు. క్వార్టర్ సీసా 180 మిల్లీలీటర్లు. బ్రాందీ, విస్కీ అయితే అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. "రోజుకో క్వార్టర్, మూడేళ్లుగా" అంటే లెక్క తెలుస్తుంది.

మగవాళ్లు అంతకంటే ఎక్కువే తాగుతున్నారు కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఆడవాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ, ఆల్కహాల్‌ని విరగ్గొట్టే ఎంజైము కూడా కడుపులో తక్కువ. అందుకే అంతే బరువున్న మగవాడు తాగినంతే తాగినా రక్తంలోకి ఎక్కువ చేరుతుంది. లివర్ త్వరగా దెబ్బతింటుంది.

మాత్రల సంగతి మర్చిపోకండి. నిద్ర పట్టడం లేదంటే ఆర్ఎంపీ ఎప్పుడో రాసిచ్చిన అల్ప్రజోలం ఏళ్ల తరబడి మింగుతున్న ఆడవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. అది అలవాటని ఇంట్లో ఎవరూ అనుకోరు, "ఆవిడ మాత్ర" అంటారు, అంతే. రొయ్యల షెడ్లలో ఐసులో చేతులు పెట్టి రోజంతా నిలబడేవాళ్లు మింగే నొప్పి మాత్రలు కూడా రాయండి. కల్లు, లంక పొగాకు చుట్ట, గుట్కా ఏదుంటే అది. నెలసరి తప్పిందేమో కూడా కనుక్కోవాలి. గర్భం ఉంటే ఇచ్చే మందులు మారిపోతాయి.

2. ఒట్టు వేయించి గదిలో పెట్టొద్దు

అంతర్వేది స్వామి మీద ఒట్టు వేయించి, గదిలో పెట్టి, మూడు రోజులు మజ్జిగన్నం పెడితే మానేస్తుందని అనుకుంటాం. రోజూ తాగే మనిషికి ఇది ప్రాణాంతకం. ఆఖరి గుక్క తర్వాత 6 నుంచి 24 గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కలవరింతలు, గోడ మీద లేని పురుగులు కనిపించడం, ఒళ్లు కాలిపోవడం. అక్కడిదాకా వస్తే 108కి ఫోన్ చేయండి, ఆసుపత్రి తప్ప దారి లేదు. నిద్రమాత్రలు కూడా అంతే. టక్కున ఆపకూడదు, డాక్టరు చెప్పిన లెక్కన వారాల తరబడి తగ్గించుకుంటూ రావాలి.

వీధి చివర ఆర్ఎంపీ చేత ఉత్త గ్లూకోజు సీసా పెట్టించొద్దు. బాగా తాగేవాళ్ల ఒంట్లో థయమిన్ అనే బి1 విటమిన్ తగ్గిపోయి ఉంటుంది. అది ముందు ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

"మనిషికి తెలియకుండా మందు మానిపించే పొడి" జోలికైతే అసలు పోవద్దు. అలాంటి వాటిలో డైసల్ఫిరామ్ ఉండే అవకాశం ఉంది. డాక్టరు చేతిలో, మనిషికి చెప్పి ఇస్తే అది పనికొచ్చే మందే. తెలియకుండా పులుసులో కలిపితే, ఆ పైన ఆవిడ బ్రాందీ తాగితే, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం. ప్రాణం పోవచ్చు.

3. ఎవరు మాట్లాడాలి, ఎప్పుడు

పొద్దున్న, మత్తు లేనప్పుడు, ఒక్కరే మాట్లాడండి. ఆవిడ నమ్మే మనిషి అయితే చాలు. అక్క కావచ్చు, ఆడపడుచు కావచ్చు, ఊళ్లో ఆశా కార్యకర్త కావచ్చు. పదిమంది చుట్టూ కూర్చుంటే అది పంచాయతీ అయిపోతుంది. తాగుడు మాట కంటే ఒంటి మాట ముందు ఎత్తితే మేలు.

"పిన్నీ, రాత్రిళ్లు చేతులు వణుకుతున్నాయి కదా నీకు. కాకినాడలో చూపిద్దాం. నేను పక్కనే ఉంటాను" అన్నాను.

"నన్ను పిచ్చాసుపత్రిలో పడేస్తారటే?" అంది.

ఆ రోజు అంతే. నాలుగు రోజుల తర్వాత తనే, గిన్నెలు తోముతూ, "బస్సులో వెళ్దామా, ఆటోలోనా?" అని అడిగింది.

తాగుడుకు ముందు ఆ ఇంట్లో ఏం జరిగిందో కూడా చూడాలి. మొగుడు కొడుతుంటే, ఆ మొగుడే ఆసుపత్రికి తోడు వచ్చి డాక్టరు ముందు కూర్చుంటే, ఆవిడ నోరు విప్పదు. 181 మహిళా హెల్ప్‌లైన్ అలాంటి ఇళ్ల కోసమే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తన తరఫున మాట్లాడే మనిషిని ఆవిడే ఎంచుకోవచ్చు. అది మొగుడే కానక్కర్లేదు.

4. చోటు వెతకడం

14446కి ఫోన్ చేయండి, అది కేంద్ర ప్రభుత్వ డీ అడిక్షన్ హెల్ప్‌లైన్. దగ్గర్లో ప్రభుత్వ సాయంతో నడిచే కేంద్రం ఎక్కడుందో, ఆడవాళ్లను చేర్చుకుంటారో లేదో అడగండి. మనసు బాగోకపోతే 14416, టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు. మా వైపు వాళ్లకు కాకినాడ జీజీహెచ్ (పెద్ద ప్రభుత్వాసుపత్రి) సైకియాట్రీ ఓపీ మంచి మొదలు. ఇంకా పెద్ద ఇబ్బంది అయితే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మూర్ఛలు, లివర్ జబ్బు, గర్భం, వీటిలో ఏది ఉన్నా మొదటి వారం డాక్టర్లున్న పెద్ద ఆసుపత్రిలోనే గడవాలి. రీహాబ్ సెంటర్ ఆ తర్వాత.

ఆడవాళ్లకే విడిగా ఉన్న చోటు ఎందుకు? మగవాళ్లు నిండిన హాల్లో గ్రూపు కౌన్సెలింగ్‌కి కూర్చోబెడితే, బావ చేసిన పాడుపని గురించో, పోయిన బిడ్డ గురించో ఏ ఆడమనిషి చెబుతుంది? తన భర్త తాగుడు గురించి కూడా చెప్పదు. అక్కడ మాట్లాడకపోతే ఇక కౌన్సెలింగ్ దేనికి? పూర్తిగా ఆడవాళ్ల సెంటర్ దొరక్కపోతే, కనీసం వార్డు, బాత్‌రూం, కౌన్సెలింగ్ గది విడిగా ఉన్నచోటు చూడండి.

డబ్బు కట్టేముందు వెళ్లి కళ్లతో చూడాలి. నేను చూసిన ఒక సెంటర్లో బోర్డు మీద "మహిళలకు ప్రత్యేక విభాగం" అని ఉంది. లోపల ఆ విభాగమంటే మేడ మీద ఒక గది, దాని బాత్‌రూంకి వెళ్లాలంటే మగవాళ్ల మంచాల మధ్య నుంచి నడవాలి. రాత్రి డ్యూటీలో ఆడమనిషి ఎవరని అడిగితే "వంటావిడ ఉంటుందండి" అన్నారు. వంటావిడ సాయంత్రం ఆరింటికి వెళ్లిపోతుందని ఆవిడే చెప్పింది.

కాబట్టి రాత్రి ఆడ నర్సు ఉంటుందా, సైకియాట్రిస్టు వారంలో ఎన్నిసార్లు వస్తారు, సీసీ కెమెరాలు ఎక్కడ పెట్టారు, ఇంటివాళ్లతో ఎప్పుడు మాట్లాడనిస్తారు, మానసిక ఆరోగ్య సంస్థగా రిజిస్ట్రేషన్ కాగితం ఉందా అని అడగండి. కాగితం చూపించడానికి నసిగితే లేచి వచ్చేయండి. "మేమే వచ్చి ఎత్తుకొస్తాం" అన్నా వచ్చేయండి. తనంతట తాను చేరిన మనిషి వెళ్తానంటే పంపాలి, పరిస్థితి బాగోలేదనిపిస్తే 24 గంటల వరకు ఆపి పరీక్షించవచ్చు. తన మంచిచెడు తాను నిర్ణయించుకోలేని స్థితిలో చేర్చాలంటే సైకియాట్రిస్టుతో కలిపి ఇద్దరు నిపుణులు చూసి ఒప్పుకోవాలి, అదీ మొదట 30 రోజుల వరకే. గొలుసులతో కట్టడం ఎక్కడైనా నేరం. ఆవిడ వివరాలు బయటపెట్టకూడదు కూడా.

గంజాయి లాంటిదైతే పోలీసు భయం ఉంటుంది. వాడేవాళ్లు తమంతట తాము గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు వస్తే, చిన్న మొత్తం కేసుల్లో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స సగంలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఇన్సూరెన్సు ఉంటే అడగండి, మానసిక జబ్బులకూ శరీర జబ్బుల్లాగే బీమా ఇవ్వాలని ఆ 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

5. ఆవిడ లేనప్పుడు ఇల్లెవరు చూస్తారు?

మొదటిసారి పిన్ని ఆరో రోజే ఇంటికి వచ్చేసింది. వణుకు తగ్గింది, నిద్ర పడుతోంది, కౌన్సెలింగ్ అప్పుడే మొదలైంది. ఇంటి నుంచి అత్తగారి ఫోన్: "గ్యాస్ అయిపోయిందమ్మా, బుక్ చేసే నంబరు నీ ఫోన్లోనే ఉందంట." మర్నాడు బాబాయి: "డ్వాక్రా వాయిదా ఎవరికివ్వాలి?" ఆ మర్నాడు చిన్నాడికి జ్వరం. ఒక్కటీ పెద్ద విషయం కాదు. మూడూ కలిసి ఆవిడను బస్సెక్కించాయి. మగవాడు నెలరోజులు సెంటర్లో ఉంటే ఇల్లు ఎలాగోలా నడుస్తుంది, ఎందుకంటే ఇంట్లో ఆవిడ ఉంటుంది. ఆవిడే వెళ్తే?

రెండోసారి వెళ్లేముందు మేమొక పాత క్యాలెండరు వెనక రాసుకున్నాం. పొద్దున్న వంట, పిల్లల బడి అమ్మమ్మకి. గేదె, పాలు బాబాయికి. ఆయన మొహం చూడాలి అప్పుడు. గ్యాస్ నంబరు అత్తగారి ఫోన్లోకి మార్చాం. డ్వాక్రా వాయిదా మూడు నెలలది సంఘం లీడరుకి ముందే కట్టాం, "ఒంట్లో బాగోలేదు, కాకినాడలో చూపిస్తున్నాం" అని చెప్పాం. అది అబద్ధం కాదు కదా. ఇంట్లో ఏదొచ్చినా పిన్నికి కాకుండా నాకు ఫోన్ చేయాలని అందరి చేతా ఒప్పించాను.

చంటిబిడ్డ ఉంటే చట్టం ఆవిడ పక్షానే ఉంది. మూడేళ్లలోపు బిడ్డను చికిత్సలో ఉన్న తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదు. చేర్చేముందే ఈ మాట అడిగి, బిడ్డతో ఉండే వీలు చూపించమనండి.

ప్రయాణం గురించి ఒక మాట. అమలాపురం నుంచి కాకినాడ బస్సు యానాం మీదుగా పోతుంది. యానాం పుదుచ్చేరి కిందిది, అక్కడ మందు చౌక, షాపులు రోడ్డు మీదే. చికిత్సకు వెళ్లే రోజున ఆ కిటికీ పక్క సీటు మంచిది కాదు. మేం రావులపాలెం చుట్టూ తిరిగి వెళ్లాం. ఖర్చు ఎక్కువైంది, పోనీలెండి.

6. లోపల జరిగేది

మొదటి వారం, పది రోజులు ఒళ్లు కుదుటపడటానికి: వణుకు, మూర్ఛ రాకుండా మందులు, విటమిన్లు, నిద్ర. ఆ తర్వాత కౌన్సెలింగ్, ఇంటివాళ్లకు క్లాసులు. కోరిక తగ్గించే మాత్రలు డాక్టరు రాయవచ్చు. ఇంటివాళ్ల క్లాసుకి బాబాయి రెండుసార్లు రానన్నారు, మూడోసారి వచ్చి చివరి వరుసలో కూర్చున్నారు.

7. ఇంటికొచ్చాక

డిశ్చార్జ్ కాగితం, మాత్రల చీటీ, తర్వాతి ఓపీ తేదీ చేతిలో లేకుండా బయటకి రావొద్దు. మాత్రలు ఆవిడ దగ్గరే ఉండనివ్వండి, డాక్టరు వేరే చెబితే తప్ప. ఆవిడ పర్సు తడమడం, నోరు వాసన చూడటం మానేయండి. పిన్నికి అన్నిటికంటే కోపం తెప్పించింది అదేనట.

మళ్లీ తాగితే? చాలామందికి జరుగుతుంది. అప్పుడు తిట్లు కాదు, అదే వారంలో ఓపీకి. ఎంత తాగింది, ఎన్ని రోజులు, ఏ మాత్ర మానేసింది, మళ్లీ 1వ మెట్టులో లెక్కే.

పండగలకు ముందే ఆలోచించుకోవాలి. సంక్రాంతికి అల్లుళ్లు వస్తారు, కోడిపందాలు, ప్రతి ఇంటి వెనకా సీసాలు. పండగకు ముందు వారంలో ఓపీకి ఒక తేదీ పెట్టించుకోండి, పండగ అయిన మర్నాటికి ఇంకోటి. ఆ మూడు రోజులూ ఇంట్లో ఎవరూ తాగకూడదని మగవాళ్లకు ముందే చెప్పాలి, అది ఆవిడ చెప్పాల్సిన మాట కాదు. మొదటి ఏడు కనుమకు పిన్ని జగ్గన్నతోట ప్రభల తీర్థానికి రాలేదు. రెండో ఏడు వచ్చింది. ప్రభలు కౌశిక కాలువ దాటకముందే "పదవే, ఇంటికెళ్దాం" అంది, వచ్చేశాం.