సీజన్ వంట, పాఠం 4: ముక్కలు ఎందుకు వేగలేదు?

ఈ వారం ఆకుకూరలు మొదలుపెట్టాలి. అవి కాస్త ఆగుతాయి. పోయిన పాఠంలో సీజన్‌లో దొరికే ఏదో ఒక కూరగాయను నూనె, ఉప్పు మాత్రమే వేసి వేయించుకోమన్నాను. చాలామందికి నీళ్లూరిన ముద్ద వచ్చింది. మసాలా లేకపోవడం వల్లే చప్పగా ఉందని కొందరు తేల్చేశారు కూడా. మసాలా సంగతి తర్వాత, అసలు ముక్క వేగనే లేదు.

నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ముక్క పైన తడి ఉన్నంతసేపూ ఆ పైభాగం వేడి దాదాపు అక్కడే ఆగిపోతుంది. ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. అందుకే కడిగిన ముక్కలను గుడ్డతో తుడవండి, మూత పెట్టకండి, ఉప్పు చివర్లో వేయండి. ముందే వేస్తే ముక్కల్లోంచి నీటిని లాగుతుంది. కోయడం, నూనె కాచడం మీకు తెలిసినవే.

నాకు చిరాకు తెప్పించేది బాణలి నింపేయడం. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడితే కింది వాటి ఆవిరికి పై ముక్కలు ఉడుకుతాయి, ఆ తడి మళ్లీ కిందికే దిగుతుంది. మంట పెంచితే సరిపోదా అంటారు. సరిపోదు. అడుగున ఉన్నవి మాడతాయి, పైవి మెత్తబడతాయి. గరిటెతో కలుపుతూ ఉంటే చితికి ఇంకా నీరు వదులుతాయి. నలుగురికి వండుతున్నారా? రెండు వాయిలు వేయండి. టైమ్ లేదంటారా? కారిన నీళ్లు ఇగిరేదాకా పొయ్యి దగ్గర నిలబడటానికి టైమ్ ఎక్కడిది? ముక్కలు ఒక్క వరుసలో, మధ్యలో ఖాళీలతో పరిచి, కదపకుండా వదిలేయండి. చప్పుడు తగ్గినప్పుడు తిప్పండి. నేను గడియారం చూడను, ఆ చప్పుడే వింటాను. నన్నడిగితే లోతైన బాణలి కన్నా వెడల్పాటి ఇనప పెనమే మేలు.

టమాటా, దోసకాయల్లో నూటికి 95 పాళ్ల దాకా నీరే. క్యాబేజీలో 92, క్యారెట్‌లో 88, బంగాళాదుంపలో 80 దగ్గర. ఎండాకాలం కాయలు వేగలేదని టెన్షన్ పడకండి, వాటిని మగ్గబెట్టుకోవడమే సుఖం. చలికాలపు క్యారెట్‌లో చక్కెర ఎక్కువ, తొందరగా ఎర్రబడుతుంది. బంగాళాదుంపల్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చలికి పిండి కొంత చక్కెరగా మారి, లోపల ఉడికేలోపే పైన నల్లబడతాయి. అలసిపోయి ఇంటికొచ్చిన రాత్రి ఒక్క కూరగాయతో గడిచిపోవాలంటే ఈ పని చేతికి రావాలి.

అభ్యాసం కొంచెం పెద్దదే. క్యారెట్, క్యాబేజీ, బంగాళాదుంప ఒక్కోటీ రెండుసార్లు వేయించండి. ఒకసారి పెనం నిండా, ఒకసారి పలచగా. మొత్తం ఆరు ప్లేట్లు, అన్నీ ఒకే రోజు, పక్కపక్కనే పెట్టుకుని తినాలి. ఒక్కోదానికి చప్పుడు ఎప్పుడు తగ్గిందో రాసుకోండి. మసాలా డబ్బా జోలికి వెళ్లొద్దు. ఇంత చెప్పాక కూడా టమాటాలు వేయించానని మాత్రం నాకు రాయకండి.