భాద్రపదంలోనే సైట్ సర్దుకోండి: దసరా అమ్మకాలకు ముందు వర్డ్‌ప్రెస్ జాగ్రత్తలు

శ్రావణమాసపు హడావుడి ముగిశాక, దసరా మొదలయ్యేలోపు చీరల దుకాణాలకు కాస్త తెరిపి దొరుకుతుంది. భాద్రపదం శూన్యమాసం, పెళ్లిళ్లు ఉండవు. చివరి పదిహేను రోజులు మహాలయ పక్షం కాబట్టి కొత్త బట్టలు కొనేవాళ్లు కూడా తక్కువ. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో ఉండి సొంత వెబ్‌సైట్ మీద చేనేత చీరలు అమ్ముకుంటున్నవాళ్లు సైట్‌ను సర్దుకోవాల్సింది ఈ నెలలోనే. ఆశ్వయుజ పాడ్యమి వచ్చి, ఆర్డర్లు ఒకదాని వెంట ఒకటి పడుతున్నప్పుడు అప్‌డేట్ బటన్ నొక్కి, డబ్బు కట్టే చెకౌట్ పేజీ తెల్లగా మారిపోతే అప్పుడు డెవలపర్ ఫోన్ ఎత్తకపోవచ్చు. ఆయన దగ్గర మీలాంటివాళ్లు ఇంకో పదిమంది ఉంటారు, వాళ్లందరికీ సీజన్ అదే.

ఇలాంటి దుకాణాల సైట్లు ఎక్కువగా వర్డ్‌ప్రెస్ మీద, దానికి తగిలించిన, కార్ట్, ఆర్డర్లు చూసుకునే వూకామర్స్ మీద నడుస్తుంటాయి. కోడ్ రాయకుండానే పేజీలు పెట్టి, మార్చుకోనిచ్చే వర్డ్‌ప్రెస్, ద్రూపల్, జూమ్లా లాంటివాటిని కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు, పొట్టిగా సీఎంఎస్. 2003లో బ్లాగులు రాసుకోవడానికి పుట్టిన వర్డ్‌ప్రెస్ మీద ఇప్పుడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడుస్తున్నాయి. అంత మంది వాడడానికి గట్టి కారణమే ఉంది. మగ్గం మీంచి కొత్త చీర దిగింది, ఫోన్‌తో ఫొటో తీశారు, ధర వేశారు, పబ్లిష్ నొక్కారు, అయిపోయింది. ధర వంద తగ్గించాలన్నా, చీర అమ్ముడైపోయిందని పెట్టాలన్నా ఇంకొకరిని బతిమాలక్కర్లేదు. కంప్యూటర్ చదువు లేని ఇంటి ఆడవాళ్లు కూడా రెండు రోజుల్లో నేర్చుకుని సైట్ నడుపుకుంటున్నారంటే ఆ ఘనత సీఎంఎస్‌దే. నేను ఇప్పటికీ చాలామందికి దాన్నే వాడమని చెబుతాను.

కానీ ఆ సుఖం వెనక ఒక బాధ్యత ఉంది, సైట్ కట్టి ఇచ్చేవాళ్లు దాని సంగతి సరిగ్గా చెప్పరు. మీ సైట్ ఒక్కరు రాసింది కాదు. వర్డ్‌ప్రెస్ ఒకరిది, థీమ్ (సైట్ రూపం) ఇంకొకరిది, పేమెంట్ ప్లగిన్ (ప్లగిన్ అంటే సైట్‌కు అదనపు పని తగిలించే చిన్న ప్రోగ్రాము) ఒకరిది, కొరియర్ ప్లగిన్ మరొకరిది, వాట్సాప్ బటన్ వేరొకరిది. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు అప్‌డేట్ ఇస్తారు, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. ఉత్త హెచ్‌టీఎంఎల్‌తో (వెబ్ పేజీలు రాసే భాష) కట్టిన నాలుగు పేజీల సైట్‌ను ఏళ్ల తరబడి ముట్టుకోకపోయినా నడుస్తుంది. వర్డ్‌ప్రెస్ సైట్‌ను అలా వదిలేస్తే ఎవరో ఒకరు లోపలికి వచ్చేస్తారు.

"మాది చిన్న దుకాణం, మమ్మల్ని ఎవరు హ్యాక్ చేస్తారండీ" అని అడుగుతుంటారు. ఎవరూ మిమ్మల్ని ఏరి ఎంచుకోరు. ఫలానా ప్లగిన్‌లో లోపం ఉందని బయటపడగానే, ఆ ప్లగిన్ ఏ సైట్‌లో ఉంటే ఆ సైట్‌లోకి దూరే ప్రోగ్రాములు ఇంటర్నెట్ అంతా తిరగడం మొదలుపెడతాయి. ఎంత వేగంగానో చెప్పడానికి ద్రూపల్ ఉదాహరణ చాలు. 2014 అక్టోబరు 15న ద్రూపల్ 7లో ఒక పెద్ద లోపానికి మందు (సరిచేసే అప్‌డేట్) విడుదల చేశారు. తర్వాత ద్రూపల్ భద్రతా బృందమే చెప్పిన మాట: ప్రకటన వచ్చిన ఏడు గంటల్లోపు సరిచేసుకోని సైట్‌లోకి ఎవరో ఒకరు జొరబడ్డారనే అనుకోండి. వర్డ్‌ప్రెస్‌కూ 2017 మొదట్లో ఇలాంటిదే జరిగింది. 4.7.2 అప్‌డేట్ వేసుకోని సైట్లలో పేజీలను ఎవరు పడితే వాళ్లు మార్చేశారు. 2020 సెప్టెంబరులో ఫైల్ మేనేజర్ అనే ప్లగిన్‌ది ఇదే కథ, దాన్ని అప్పటికి ఏడు లక్షల సైట్లు వాడుతున్నాయి.

అందుకే అప్‌డేట్ ఆపితే ఒక ప్రమాదం, సీజన్ మధ్యలో చేస్తే ఇంకో ప్రమాదం. రెంటి నుంచీ తప్పించుకోవాలంటే పనంతా ముందే ముగించుకోవాలి.

అన్నిటికంటే ముందు: ఏది ఎవరి పేరు మీద ఉంది?

ఇది టెక్నికల్ పనే కాదు, కానీ నేను మొదట అడిగేది ఇదే. డొమైన్ (సైట్ పేరు) ఎవరి మెయిల్ ఐడీతో కొన్నారు? హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్ అద్దె) అకౌంట్ ఎవరిది? సైట్ కట్టిన కుర్రాడు తన మెయిల్‌తోనే అన్నీ కొనేసి, తర్వాత బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోవడం మన ఊళ్లలో మామూలే. అతను మోసం చేయడు, కానీ రెన్యూవల్ మెయిల్ వాడని ఇన్‌బాక్స్‌లోకి పోతుంది. డొమైన్ గడువు దాటితే సైట్‌తో పాటు ఆ పేరు మీద ఉన్న మెయిల్స్ కూడా ఆగిపోతాయి. ఈ వారమే డొమైన్, హోస్టింగ్, పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సేవ) మూడింట్లోకీ మీరే స్వయంగా లాగిన్ అయి చూడండి. లాగిన్ కాలేకపోతే మిగతా జాగ్రత్తలన్నీ పక్కన పెట్టి ముందు ఆ పని తేల్చుకోండి. గడువు అక్టోబరులోనో నవంబరులోనో ఉంటే ఇప్పుడే కట్టేయండి.

వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో అడ్మిన్ మెయిల్ ఏది ఉందో కూడా చూడండి. 2019లో వచ్చిన 5.2 నుంచి ఒక మంచి సదుపాయం ఉంది. ప్లగిన్ వల్ల సైట్ పడిపోతే, లోపలికి వెళ్లి ఆ ప్లగిన్‌ను ఆపడానికి వర్డ్‌ప్రెస్సే ఒక ప్రత్యేక లింకు పంపుతుంది. అది వెళ్లేది అడ్మిన్ మెయిల్‌కే. ఆ మెయిల్ పాత డెవలపర్‌ది అయితే తాళం చెవి ఊరు దాటిపోయినట్టే.

బ్యాకప్ ఉందా అని కాదు, తిరిగి పెట్టి చూశారా?

వర్డ్‌ప్రెస్ సైట్‌లో రెండు భాగాలు ఉంటాయి. ఫొటోలు, థీమ్, ప్లగిన్లు ఫైళ్లలో ఉంటాయి. చీరల పేర్లు, ధరలు, కస్టమర్ల చిరునామాలు, ఆర్డర్లు డేటాబేస్‌లో ఉంటాయి. ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకుని "బ్యాకప్ తీశాను" అని ధీమాగా ఉన్నవాళ్ల దగ్గర ఒక్కోసారి ఫొటోలు తప్ప ఏమీ ఉండవు. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ లాంటి ప్లగిన్‌తో తీస్తే రెండూ వస్తాయి. తీసినదాన్ని అదే సర్వర్‌లో ఉంచవద్దు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు లక్షల సైట్లు ఆగిపోయాయి. అసలూ బ్యాకప్పూ అక్కడే ఉంచుకున్నవాళ్లకు రెండూ పోయాయి. ఒక కాపీ గూగుల్ డ్రైవ్‌లో, ఒక కాపీ ఇంట్లో హార్డ్ డిస్క్‌లో ఉండాలి.

తర్వాత హోస్టింగ్‌లో స్టేజింగ్ కాపీ (కస్టమర్లకు కనబడని, పరీక్షలకు వాడే నకలు సైట్) తెరిచి, ఆ బ్యాకప్‌ను అక్కడ తిరిగి పెట్టి చూడండి. మన సైట్లకు ఇక్కడ ప్రత్యేకంగా ఒకటి గమనించాలి. తెలుగు సరిగ్గా వచ్చిందా? డేటాబేస్‌ను వేరే అక్షర పద్ధతిలో ఎగుమతి చేసి ఉంటే "మంగళగిరి" ఉండాల్సిన చోట వరుసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. అలా ప్రశ్నార్థకాలైన అక్షరాలు ఆ కాపీ నుంచి ఇక తిరిగి రావు. డెవలపర్‌తో "యూటీఎఫ్8ఎంబీ4లోనే తీయండి" అని చెప్పి మళ్లీ తీయించండి. దసరా మధ్యలో బ్యాకప్ పెట్టాక ఇది బయటపడితే మూడు వందల చీరల వివరాలు చేత్తో కొట్టుకోవాలి.

ప్లగిన్ల లెక్క

డ్యాష్‌బోర్డ్‌లో ప్లగిన్ల పేజీ తెరిచి ఒక్కొక్కటీ దేనికోసమో పక్కవాళ్లకు చెప్పగలరేమో చూడండి. చెప్పలేనిదాన్ని స్టేజింగ్‌లో ముందు ఆపి, ఏమీ చెడకపోతే తీసేయండి. డీయాక్టివేట్ చేసి ఊరుకుంటే చాలదు, దాని ఫైళ్లు సర్వర్‌లో అలాగే ఉంటాయి, లోపం ఉంటే ఆపి ఉన్నదాంట్లోంచి కూడా దూరవచ్చు. చాలాకాలంగా అప్‌డేట్ రాని ప్లగిన్‌కు బదులు వేరేది వెతుక్కోవాలి. ప్లగిన్ల యజమానులు మారుతుంటారని కూడా గుర్తుంచుకోండి. డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్‌ను రెండు లక్షల సైట్లు వాడేవి. చేతులు మారాక, 2017లో కొత్తవాళ్లు అప్‌డేట్ ముసుగులో దొంగ కోడ్ పెట్టి పంపారు. వర్డ్‌ప్రెస్ వాళ్లు చివరికి దాన్ని తీసేశారు.

డబ్బులు పెట్టి కొనాల్సిన థీమ్ ఎవరో "ఫ్రీగా" ఇచ్చారంటే అస్సలు వేయవద్దు. డబ్ల్యూపీ-వీసీడీ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము) ఇలాంటి దొంగ కాపీల ద్వారానే వేల సైట్లలోకి పాకింది. ఐదారు వేలు మిగిలాయని సంబరపడితే, మీ కస్టమర్ ఫోన్‌లో గూగుల్ "ఈ సైట్ ప్రమాదకరం" అనే ఎర్ర తెర చూపించే రోజు వస్తుంది.

అప్‌డేట్లు స్టేజింగ్‌లో ఒక్కొక్కటిగా వేయండి, అన్నీ కలిపి కాదు. ఒకటి వేశాక సైట్ తెరిచి చూసి ఇంకొకటి. అప్పుడే ఏది చెడగొట్టిందో తెలుస్తుంది. హోస్టింగ్‌లో పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే భాష) వెర్షన్ ఎంతో కూడా చూడండి. పీహెచ్‌పీ 7.4కు మద్దతు 2022 నవంబరులోనే ఆగిపోయింది, అయినా ఇంకా దాని మీదే నడుస్తున్న దుకాణాలు ఉన్నాయి. పీహెచ్‌పీ మార్చడం మాత్రం పెద్ద పని, పాత థీమ్‌లు దాంతో మొరాయిస్తాయి. మహాలయ పక్షానికి ముందే తేలకపోతే దీపావళి తర్వాతకు వాయిదా వేయండి.

ఒక చీర మీరే కొనండి

అన్నీ అయ్యాక అసలు పరీక్ష ఇది. అసలు సైట్‌లోకి మీ ఫోన్‌లో, మొబైల్ డేటా మీద, లాగిన్ కాకుండా మామూలు కస్టమర్‌లా వెళ్లండి. చీర ఎంచుకుని పిన్‌కోడ్ వేసి, యూపీఐతో నిజంగా డబ్బు కట్టండి. ఆ తర్వాత నాలుగు చూడాలి: ఆర్డర్ "ప్రాసెసింగ్"లోకి మారిందా, స్టాక్ ఒకటి తగ్గిందా, కస్టమర్‌కు మెయిల్ వచ్చిందా, రీఫండ్ చేస్తే వెనక్కి వచ్చిందా. డబ్బు కట్ అయి, సైట్‌లో ఆర్డర్ "పెండింగ్"లోనే ఉండిపోవడం చాలా మామూలు. గేట్‌వే నుంచి మీ సైట్‌కు రావాల్సిన కబురు ఏదో సెక్యూరిటీ ప్లగిన్ దగ్గర ఆగిపోయి ఉంటుంది. పండగ రోజు ఇది జరిగితే కస్టమర్ మిమ్మల్ని మోసగాళ్లంటారు.

సైట్ వేగం కోసం క్యాషింగ్ ప్లగిన్ (పేజీల సిద్ధపు కాపీలు దాచి చూపేది) పెట్టి ఉంటే కార్ట్, చెకౌట్, మై అకౌంట్ పేజీలను దానికి దూరంగా ఉంచండి. లేకపోతే ఒకరి కార్ట్, ఒకరి చిరునామా ఇంకొకరికి కనబడే ప్రమాదం ఉంది. కార్డు నంబర్లు మీ దగ్గర దాచే ప్లగిన్ ఏదైనా ఉంటే వెంటనే తీసేయండి. 2022 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం దుకాణాలు కార్డు వివరాలు దాచుకోకూడదు.

ప్యాకింగ్ చూసుకునే అమ్మాయికి అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు, వూకామర్స్‌లో షాప్ మేనేజర్ అనే పాత్ర ఉంది, అది చాలు. పోయినేడు పనిచేసి మానేసినవాళ్ల అకౌంట్లు తీసేయండి. అడ్మిన్ లాగిన్‌కు రెండో మెట్టుగా ఫోన్ కోడ్ పెట్టండి.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు

చీర పేరు తెలుగులో పెడితే వర్డ్‌ప్రెస్ లింకును కూడా తెలుగులోనే తయారుచేస్తుంది. లోపల ఒక్కో అక్షరమూ, ఒక్కో గుణింతపు గుర్తూ తొమ్మిదేసి స్థానాలు తింటుంది, లింకుకు ఉన్న చోటేమో 200. "మంగళగిరి పట్టు చీర నిజాం అంచు ఎరుపు" అని రాస్తే "నిజాం" దగ్గరే లింకు తెగిపోతుంది. పచ్చ చీరకూ అదే లింకు పడుతుంది, చివర 2 అన్న అంకె తప్ప తేడా ఉండదు. వాట్సాప్‌లో పంపితే ఆ లింకు శాతం గుర్తులతో బారెడు కనబడుతుంది, జనం నొక్కడానికి జంకుతారు. పేరు తెలుగులోనే ఉంచి, లింకు మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టండి. పాత లింకులు మారిస్తే రీడైరెక్ట్ (పాత లింకు నొక్కినవాళ్లను కొత్తదానికి పంపే ఏర్పాటు) పనిచేస్తోందో లేదో చూసుకోండి, లేకపోతే గూగుల్‌లోంచి వచ్చేవాళ్లకు పేజీ దొరకదు. కరపత్రం కోసం అను ఫాంట్లలో టైప్ చేయించిన మాటర్‌ను కాపీ చేసి సైట్‌లో పెట్టవద్దు. అది యూనికోడ్ కాదు, అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులుగా కనబడుతుంది.

అసలు మీకు సీఎంఎస్ కావాలా?

పదీ పదిహేను డిజైన్లే ఉండి ఆర్డర్లన్నీ వాట్సాప్‌లోనే వస్తుంటే ఇంత టెన్షన్ అక్కర్లేదు. ఒక ఉత్త పేజీ, వాట్సాప్ బిజినెస్ కేటలాగ్ చాలు. రోజూ సరుకు మారుతూ, చూసుకునే మనిషి ఉంటే వర్డ్‌ప్రెస్ మంచిది, సైట్ మొత్తం మీ చేతిలో ఉంటుంది, హోస్టింగ్ నచ్చకపోతే మూట కట్టుకుని వెళ్లిపోవచ్చు. సరుకు ఉండి, చూసుకునే మనిషి లేకపోతే నెలనెలా డబ్బు కట్టే షాపిఫై లాంటిది మేలని నా అభిప్రాయం. సర్వర్ భద్రత వాళ్లు చూసుకుంటారు. అక్కడి నుంచి వచ్చేటప్పుడు చీరల జాబితా తెచ్చుకోవచ్చు గానీ సైట్ రూపం తెచ్చుకోలేరు, అద్దె పెంచితే కట్టాల్సిందే. ఏది ఎంచుకున్నా ఆ మార్పు దీపావళి తర్వాతే చేయండి.

పాడ్యమి నుంచి విజయదశమి దాకా

ఈ పది రోజులూ చీరలు, ధరలు, స్టాక్ తప్ప ఇంకేమీ ముట్టుకోవద్దు. థీమ్ రంగు కూడా మార్చవద్దు. వర్డ్‌ప్రెస్ తనంతట తాను వేసుకునే చిన్న భద్రతా అప్‌డేట్లను మాత్రం ఆపకండి, 2013 నుంచి అవి అలాగే వస్తున్నాయి. ప్లగిన్ల ఆటో అప్‌డేట్ ఆపి ఉంచి, మీరు వాడే ప్లగిన్‌లో లోపం బయటపడిందని తెలిస్తే ఆ ఒక్కదాన్నే, రాత్రి ఆర్డర్లు తగ్గాక, బ్యాకప్ తీసి వేయండి. డేటాబేస్ బ్యాకప్ రోజుకు రెండుసార్లు తీసేలా పెట్టండి.

అయినా సైట్‌లోకి ఎవరైనా దూరితే ముందు పేమెంట్ ఆపండి, సైట్‌ను మెయింటెనెన్స్‌లో పెట్టండి, పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. లాగ్ ఫైళ్లు (సైట్‌లో ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యేవి) చెరపకండి. 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటివి తెలిసిన ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్‌కు చెప్పాలి. పాత బ్యాకప్‌ను తిరిగి పెట్టే ముందు మాత్రం ఒక్క నిమిషం ఆగండి. నిన్న రాత్రి బ్యాకప్ పెడితే ఇవాళ పడ్డ ఆర్డర్లన్నీ సైట్‌లోంచి మాయమవుతాయి. గేట్‌వే డ్యాష్‌బోర్డ్‌లోంచి ఇవాళ్టి చెల్లింపుల జాబితా, మెయిల్‌లోంచి ఆర్డర్ల వివరాలు ముందు దింపుకుని, బ్యాకప్ పెట్టాక ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించి, ఆ కస్టమర్లకు ఫోన్ చేసి చీర ఎప్పుడు పంపుతారో చెప్పండి.