గింప్‌తో ఫొటోల దిద్దుబాటు – 4వ పాఠం: పసుపు ఉండాలి, పసుపు ఛాయ పోవాలి

పోయిన పాఠంలో, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ గింప్‌లో లెవెల్స్ పెట్టె తెరిచి, మసకగా ఉన్న ఫొటోలో వెలుగునీడలు సరిచేశాం. ఈసారి అదే పెట్టెతో రంగులు దిద్దుదాం. అభ్యాసానికి పెళ్లికూతురిని చేసే వేడుకలో, ఇంటి లోపల బల్బు వెలుతురులో తీసిన ఫొటో ఒకటి వెతికి పెట్టుకోండి. రంగులు దిద్దడం నేర్చుకోవడానికి ఇంతకంటే పెంకి ఫొటో దొరకదు. గోడ పసుప్పచ్చగా, నాన్నగారి తెల్ల పంచె పసుప్పచ్చగా, పెళ్లికూతురి చెంపలూ పసుప్పచ్చగా కనిపిస్తాయి. గోడకూ పంచెకూ అంటిన రంగు బల్బు పూసింది. చెంపల మీది రంగు ముత్తయిదువులు పూసింది. మొదటిది పోవాలి, రెండోది ఉండాలి.

వెలుతురు ఎంత పసుపో, ఎంత నీలమో చెప్పే కొలతను రంగు ఉష్ణోగ్రత అంటారు. మామూలు ఫిలమెంటు బల్బుది దాదాపు 2,700 కెల్విన్లు. మధ్యాహ్నపు ఎండది దాదాపు 5,500. ఈ అంకె తగ్గేకొద్దీ వెలుతురులో నీలం పాలు తగ్గిపోతుంది. మన కన్ను కాసేపటికి సర్దుకుని పంచెను తెల్లగానే చూస్తుంది. కెమెరా కూడా సర్దుకోవాలనే చూస్తుంది గానీ, ఎదురుగా పసుపు, బంతిపూలు నిండి ఉంటే దాని అంచనా తప్పుతుంది.

గింప్‌లో కలర్స్ మెనూ కింద ఆటోలో వైట్ బ్యాలెన్స్ ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం హిస్టోగ్రాములను (ఏ స్థాయిలో ఎన్ని పిక్సెళ్లు, అంటే ఫొటో చుక్కలు, ఉన్నాయో చూపే పటాలను) విడివిడిగా తీసుకుని, రెండు కొసల్లో 0.05 శాతం పిక్సెళ్లను వదిలేసి, మిగిలినదాన్ని వీలైనంత సాగదీస్తుంది. ఏది పసుపో, ఏది బల్బు వెలుతురో దానికి తెలియదు. ఒకసారి నొక్కి చూడండి, తర్వాత అన్‌డూ చేసేయండి. ఆ పని మనమే చేద్దాం.

ముందు లేయర్ మెనూలో డూప్లికేట్ లేయర్ నొక్కి ఫొటోకు నకలు పొర తీసి, పని అంతా ఆ పై పొర మీదే చేయండి. ఎందుకో చివర్లో తెలుస్తుంది. నొక్కిన చోటి రంగును అంకెల్లో చెప్పే కలర్ పికర్ తీసుకుని, దాని ఆప్షన్లలో శాంపుల్ యావరేజ్‌కు టిక్ పెట్టండి. ఒక్క పిక్సెల్ మాట నమ్మకూడదు, అది మరక మీదిది కావచ్చు. షిఫ్ట్ పట్టుకుని పంచె మడత మీద నొక్కితే అంకెల పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) 0–255 ఎంచుకోండి. ఎరుపు 205, ఆకుపచ్చ 180, నీలం 128 అని వచ్చిందనుకుందాం. రంగు లేని, అంటే తెల్లటి లేదా బూడిద వస్తువుకు ఈ మూడూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఇక్కడ నీలం బాగా వెనకబడింది. జబ్బు అదే.

ఇక అసలు చిక్కు: ఫొటోలో నిజంగా రంగు లేని వస్తువు ఏది? పంచె అనుమానమే. నీలిమందు పెట్టి ఉతికిన బట్టలో నీలం ముందే ఉంటుంది. దాన్ని ఆధారం చేసుకుంటే ఫొటోలో కొంత పసుపు ఛాయ మిగిలిపోతుంది. గోడకు క్రీమ్ రంగు వేసి ఉండవచ్చు. స్టీలు బిందె మరీ మోసం; పక్కనున్న పట్టుచీర రంగునే చూపిస్తుంది. నన్నడిగితే సిమెంటు గట్టు మేలు, లేదంటే నేల మీది తెల్ల ముగ్గు. ఒక్క జాగ్రత్త: మూడు అంకెల్లో ఏదైనా 255కు చేరితే ఆ చోటు పనికిరాదు. అక్కడి రంగు సమాచారం అప్పటికే పోయింది.

చోటు కుదిరాక కలర్స్ మెనూలో లెవెల్స్ తెరవండి. ఆల్ చానెల్స్ అన్నచోట వరుసగా మూడు డ్రాపర్లు ఉంటాయి: నలుపు, బూడిద, తెలుపు. మధ్యదాన్ని తీసుకుని సిమెంటు గట్టు మీద నొక్కండి. ఫొటో రంగు ఒక్కసారిగా మారుతుంది. ఏం జరిగిందో చూడాలంటే పైన చానెల్ దగ్గర రెడ్‌కు వెళ్లండి; మధ్య అంకె 1 కంటే తగ్గి ఉంటుంది. బ్లూలో 1 దాటి ఉంటుంది. వెనకబడిన నీలాన్ని ముందుకు తెచ్చి, ఎరుపును కొంచెం లాగి పట్టుకుంది, అంతే. తెలుపు డ్రాపర్ జోలికి మాత్రం ఇప్పుడు పోవద్దు; నొక్కిన చోటికంటే కాంతిమంతమైనవన్నీ తెల్లబోయి మడతలు మాయమవుతాయి.

ఓకే నొక్కాక మళ్లీ పికర్‌తో చెంపలను, పసుపు అంటని మెడ భాగాన్ని కొలవండి. మెడ దగ్గర ఎరుపు ఎక్కువ, తర్వాత ఆకుపచ్చ, అన్నిటికంటే తక్కువ నీలం ఉండాలి. చామనఛాయకైనా తెలుపుకైనా వరుస ఇదే. నీలం ఆకుపచ్చను అందుకుందంటే ముఖం బూడిద పూసినట్టుంటుంది, దిద్దుబాటు ఎక్కువైందన్నమాట. చెంపల్లో నీలం బాగా తక్కువగా ఉంటే పసుపు క్షేమం.

అంకెలు సరిగ్గా ఉన్నా ఫొటో ఆస్పత్రి వార్డులా కనిపించవచ్చు. ఆ రాత్రి బల్బు వెలుగు అందరికీ గుర్తుండే ఉంటుంది, దాన్ని పూర్తిగా తుడిచేయనక్కర్లేదు. పై పొర ఒపాసిటీని, అంటే అది కింది పొరను ఎంత కప్పుతుందో చెప్పే అంకెను, 100 నుంచి 75 దాకా తగ్గించి చూడండి. కింద ఉన్న అసలు ఫొటో వెచ్చదనం కొంత పైకి వస్తుంది. ఎక్కడ ఆపాలన్నది మీ కన్ను చెప్పాలి.

ఇంటిపని: ఒకే ఫొటోలో పంచె, గోడ, గట్టు ఆధారంగా మూడు పొరలు విడివిడిగా దిద్ది, మూడింటిలోనూ మెడ అంకెలు రాసిపెట్టుకోండి. ఒకవైపు కిటికీ వెలుతురు, మరోవైపు బల్బు పడిన ఫొటోకు ఈ పద్ధతి చాలదు. దానికి లేయర్ మాస్క్ (పొరలో కావలసిన భాగాన్నే కనిపించనిచ్చే ముసుగు) కావాలి, అది 5వ పాఠంలో.