రాత్రి లెన్స్ ఇబ్బంది పెడితే: ఇంట్లోనే సరిపోతుందా, బెంగళూరు బస్సు ఎక్కాలా?

అనంతపురంలో ఆర్థో-కె లెన్స్ (రాత్రి పెట్టుకుని పడుకునే లెన్స్) వాడుతూ నా దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ వాటిని బెంగళూరులో పెట్టించుకున్నవాళ్లే. కర్నూలు వాళ్లు హైదరాబాద్ పోతారు, కడప వాళ్లు తిరుపతికో చెన్నైకో. లెన్స్ ఇచ్చిన డాక్టరు అక్కడ, అది సతాయించేది ఇక్కడ. అందుకే ఫోన్లో మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "సార్, మళ్లీ పోవల్లనా?" కొన్నిటికి పోనక్కర్లేదు, కొన్నిటికి పోక తప్పదు. ఒక్క దానికి మాత్రం బెంగళూరు దాకా పోయేంత టైము కూడా ఉండదు. దాంతోనే మొదలుపెడతాను.

ముందుగా లెన్స్ చేసే పని గురించి నాలుగు మాటలు. ఇది గాలి ఆడే గట్టి లెన్స్. పడుకునే ముందు పెట్టుకుని పొద్దున తీసేయాలి. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా పై పొరను ఇది మధ్యలో పలచన చేసి, చుట్టూ కాస్త మందం చేస్తుంది. కార్నియా మొత్తం మందం అర మిల్లీమీటరు పైచిలుకు ఉంటే, మధ్యలో తగ్గేది 20 మైక్రాన్ల లోపే. అంత మాత్రానికే పగలంతా అద్దాలు లేకుండా దూరం కనిపిస్తుంది. లెన్స్ మానేస్తే పొర మళ్లీ పాత ఆకారానికి వచ్చేస్తుంది, దాంతోపాటే సైటూ వస్తుంది.

కన్ను ఎర్రబడింది, నొప్పి, వెలుతురు చూడలేకపోతున్నారు

ఎరుపుతో పాటు నొప్పి, వెలుతురు పడకపోవడం, చూపు మసకబారడం, పుసి, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క. వీటిలో ఏ ఒక్కటున్నా అది కార్నియాకు ఇన్ఫెక్షన్ అనే అనుకోవాలి. కాదని డాక్టరు పరికరంలో చూసి చెప్పాలి, మనం కాదు.

ఇది అరుదే. అమెరికాలో 2013లో వచ్చిన అధ్యయనంలో, ఈ లెన్స్ ఏడాదిపాటు వాడిన ప్రతి 10,000 మందిలో సుమారు 7.7 మందికి, పిల్లల్లో అయితే సుమారు 14 మందికి ఇన్ఫెక్షన్ వచ్చినట్టు తేలింది. తక్కువే గానీ, ఆ కొద్దిమందిలో మనవాళ్లు ఒకరైతే లెక్కలు పనికిరావు. సూడోమోనాస్ అనే బాక్టీరియా పట్టుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే కార్నియా పాడైపోవచ్చు. ఎకాంతమీబా అనేది నీళ్లలో బతికే జీవి, అది పట్టుకుంటే నెలల తరబడి మందులు వాడాలి.

చేయాల్సింది: లెన్స్ తీసేయండి. రెండో కంటిది కూడా ఆ రాత్రి పెట్టొద్దు. బెంగళూరు డాక్టరుకు ఫోన్ చేయండి, కానీ ఆయన అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఊళ్లో దొరికిన కంటి డాక్టరు దగ్గరికి ఆ రోజే పొండి. ప్రభుత్వ పెద్దాసుపత్రి కంటి విభాగమైనా సరే, కర్నూలు చుట్టుపక్కల వాళ్లకు ప్రాంతీయ నేత్ర వైద్యశాల ఉండనే ఉంది. పోయేటప్పుడు లెన్స్, డబ్బా, వాడుతున్న ద్రావణం సీసా అన్నీ పట్టుకుపొండి. ఏ క్రిమి పట్టిందో కొన్నిసార్లు ఆ డబ్బాలోంచే తెలుస్తుంది. "రాత్రి లెన్స్ వాడుతున్నాం" అని మొదటి మాటగానే చెప్పండి. చెప్పకపోతే మామూలు కండ్లకలక అనుకునే ప్రమాదం ఉంది.

చేయకూడనివి ఇంకా ముఖ్యం. మెడికల్ షాపులో అడిగి చుక్కలు వేసుకోవద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే మంట తగ్గినట్టే ఉండి లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. అవ్వలు చెప్పే చనుబాలు, నందివర్ధనం పూలు, ఆముదం చుక్క ఇవేవీ వద్దు. పెద్దవాళ్లను నొప్పించకుండా ఎట్లా తప్పించుకుంటారో మీ ఇష్టం.

పొద్దున బాగా కనిపిస్తుంది, సాయంత్రానికి మసక

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇదే. "సార్, మా పిల్లోనికి పొద్దున బోర్డు బాగా అవపడతాంది, ట్యూషన్ టైముకి మసక అంటాడు."

లెన్స్ మొదలుపెట్టి వారం పది రోజులు కాలేదంటే కంగారు అక్కర్లేదు. పొర కుదురుకోవడానికి అన్ని రోజులు పడుతుంది. అంతదాకా పగటికి తక్కువ పవర్ అద్దాలో, వాడి పారేసే మెత్తని లెన్సులో డాక్టరే ఇస్తారు.

నెలలు బాగా ఉండి ఇప్పుడు మొదలైతే, మొదటి అనుమానం నిద్ర మీదే. లెన్స్ రాత్రికి ఏడెనిమిది గంటలు కంట్లో ఉండాలి, అదీ కన్ను మూసి. పదో తరగతి, ఇంటర్ పిల్లల సంగతి తెలిసిందే కదా: రాత్రి పన్నెండు దాకా చదువు, తెల్లారి నాలుగున్నరకు అలారం. పడుకున్నది నాలుగున్నర గంటలు, అది సాయంత్రం దాకా ఎట్లా ఆగుతుంది? లెన్స్ పెట్టుకుని పుస్తకం ముందు కూర్చున్న గంటలు లెక్కలోకి రావు. నన్నడిగితే, పరీక్షల నెలల్లో నిద్రకు గ్యారంటీ లేని పిల్లలకు ఈ లెన్స్ కంటే అద్దాలే మేలు.

నిద్ర సరిగానే ఉందంటే లెన్స్‌ని చూడండి. శుభ్రంగా తుడిచిన వేళ్లతో పట్టుకుని దీపం వైపు వంచి, లోపలి గిన్నె భాగం గమనించండి. అక్కడక్కడా పలచటి తెల్లపొర కనిపిస్తే కన్నీళ్లలోని ప్రోటీను పేరుకుందన్నమాట. రోజూ రుద్ది కడిగే ద్రావణంతో పాటు డాక్టరు చెప్పిన ప్రోటీన్ క్లీనర్ వాడితే పోతుంది. గట్టిగా నొక్కి రుద్దొద్దు, లెన్స్ వంగిపోతుంది. అరచేతిలో పెట్టి చిటికెనవేలితో మెల్లగా చాలు.

లెన్స్ శుభ్రంగా ఉంది, నిద్రా ఉంది, అయినా ఆగట్లేదంటే పవర్ పెరిగి ఉండొచ్చు. పిల్లల సైటు పెరగడం తగ్గుతుందని కూడా ఈ లెన్స్ పెట్టిస్తారు, అందుకే ఇక్కడ అమ్మానాన్నలు నిరాశపడతారు: "పెరగదనే కదా ఇంత డబ్బు పెట్టింది?" పూర్తిగా ఆగుతుందని ఎవరైనా చెప్పి ఉంటే తప్పు చెప్పారు. హాంకాంగ్‌లో 6 నుంచి 10 ఏళ్ల పిల్లల మీద చేసి 2012లో ప్రచురించిన రెండేళ్ల పరీక్షలో, మామూలు అద్దాల పిల్లలతో పోలిస్తే, సైటు పెరగడానికి కారణమయ్యే కనుగుడ్డు పొడవు పెరగడం 43 శాతం తగ్గింది. అంటే మిగిలినది పెరుగుతూనే ఉంది. కంటి పొడవు కొలిపించి, లెన్స్ మార్చాలో లేదో తేల్చుకోవాలి. దీనికి బస్సు ఎక్కాల్సిందే, కానీ నిదానంగా, సెలవు చూసుకుని.

లెన్స్ తీసిన వెంటనే మసక, లేదా ఒకటి రెండుగా కనిపించడం

సాయంత్రపు మసకకూ దీనికీ సంబంధం లేదు. అక్కడ పని జరిగి చాల్లేదు, ఇక్కడ పనే వంకరగా జరిగింది.

మొదట చూడాల్సింది కుడి ఎడమలు మారాయా అని. రెండు లెన్సులకు వేర్వేరు రంగులు ఇచ్చేది ఇందుకే. అయినా నిద్రమత్తులో మారతాయి. రెండు కళ్ల పవర్ తేడా ఎక్కువ ఉన్నవాళ్లకు మరుసటి పొద్దునే తెలిసిపోతుంది. ఏ రంగు ఏ కంటికో డబ్బా మూత మీద మార్కర్‌తో రాసిపెట్టండి. మారినట్టు తేలితే ఆ రాత్రి సరిగ్గా పెట్టుకుంటే ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

రెండోది గాలిబుడగ. లెన్స్ గిన్నెలో ప్రిజర్వేటివ్ లేని చుక్కల మందు నిండుగా పోసి, ముఖం నేలకు సమానంగా వంచి, లెన్స్‌ని కింది నుంచి పైకి తెచ్చి పెట్టుకోవాలి. నిలబడి అద్దంలో చూస్తూ పెట్టుకుంటే మందు ఒలికిపోయి బుడగ చేరుతుంది. పొద్దునకు ఆ చోట కార్నియా మీద చిన్న చిన్న గుంటలు పడి మసకగా ఉంటుంది. కొన్ని గంటల్లో అదే పోతుంది.

ఈ రెండూ కాదంటే లెన్స్ కంటి మధ్యలో కూర్చోవడం లేదు. వదులైతే సాధారణంగా పైకి జరుగుతుంది, బిగుతైతే కిందికి, లేకపోతే మధ్యలో నొక్కాల్సిన చోట చిన్న దిబ్బ మిగిలిపోతుంది. లైట్లకు నీడలు, అక్షరాలకు తోకలు వచ్చేది దీనివల్లే. కార్నియా ఆకారాన్ని చూపే టోపోగ్రఫీ అనే పటం తీస్తేనే ఏది జరిగిందో తెలుస్తుంది, అద్దంలో చూస్తే ఏమీ తెలియదు. ఇంకో నాలుగు రాత్రులు వేస్తే సర్దుకుంటుందేమోనని చూడొద్దు. వేసేకొద్దీ ఆ వంకర ముద్రే గట్టిపడుతుంది. ఆపేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. పటం తీసే ముందు ఎన్ని రోజులు లెన్స్ లేకుండా రావాలో ఫోన్లోనే అడగండి. అడగకుండా పోయి తిరిగొచ్చినవాళ్లు ఉన్నారు.

పొద్దున లెన్స్ కదలడం లేదు, అతుక్కుపోయింది

భయం వేస్తుంది, కానీ చాలావరకు ఇంట్లోనే తేలిపోయేది. రాత్రంతా రెప్ప కింద ఉండేసరికి లెన్స్ కింద కన్నీటి పొర పలచబడి జిగటగా అవుతుంది. ఫ్యాన్ నేరుగా ముఖం మీద తిరిగే గదుల్లో, ఏప్రిల్ మే ఎండల్లో ఈ ఫోన్లు ఎక్కువొస్తాయి.

ప్లంజర్ (లెన్స్‌ని పట్టి తీసే చిన్న రబ్బరు గొట్టం) పెట్టి లాగొద్దు. లెన్స్‌తో పాటు పై పొర కూడా లేచొస్తుంది. కన్ను తడిపే లూబ్రికెంట్ మందు రెండు మూడు చుక్కలు వేసి ఐదు నిమిషాలు రెప్పలు ఆడిస్తూ కూర్చోండి. తర్వాత పైకి చూస్తూ, కింది రెప్ప అంచును చూపుడువేలితో లెన్స్ కింది అంచు దగ్గర మెల్లగా అదమండి. మళ్లీ కిందికి చూస్తూ పై రెప్పతో అట్లాగే చేయండి. అంచు కిందికి మందు దూరగానే లెన్స్ జారడం మొదలవుతుంది. రెప్ప ఆడించినప్పుడల్లా అది కదులుతోందని అద్దంలో చూసుకున్నాకే తీయండి. అరగంటైనా కదలకపోతే దగ్గరలోని కంటి డాక్టరు దగ్గరికి పొండి.

రోజూ పొద్దున లేవగానే చుక్కలు వేసి, లెన్స్ కదిలాకే తీసే అలవాటు చేసుకోండి. ఇంత చేసినా దాదాపు రోజూ అతుక్కుంటుంటే బిగుతు ఎక్కువైందని అర్థం, కొలతలు మార్చాలి.

పెట్టుకోగానే భగ్గుమని మంట

రెండు కారణాలు. ఒకటి మన వంటిల్లు. రాత్రి సంగటిలోకి చెనిక్కాయల ఊరిమిండి కలిపిన వేళ్లు, సబ్బుతో కడిగినా గోళ్ల సందుల్లో కారం ఉండనే ఉంటుంది. ఆ వేళ్లతో లెన్స్ ముట్టుకుంటే ఇంకేముంది. లెన్స్ ఉన్న ఇంట్లో రాత్రి తిండి చెంచాతో తినమని పిల్లలకు చెప్తాను, వినేవాళ్లు వింటారు.

రెండోది హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం. ఇది క్రిములను బాగా చంపుతుంది, కానీ దాంతో వచ్చే ప్రత్యేకమైన డబ్బాలోనే, కనీసం ఆరు గంటలు నానాకే కంటికి నిరపాయం. సీసా మూతి ఎర్రగా ఉండేది హెచ్చరికగానే. తొందరపడి ముందే తీసినా, మామూలు డబ్బాలో పోసినా కన్ను మండిపోతుంది. వెంటనే లెన్స్ తీసి, స్టెరైల్ సెలైన్‌తో, అది లేకపోతే శుభ్రమైన నీళ్లతోనైనా కన్ను ధారగా కడగండి. గంట రెండు గంటల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఆ రాత్రికి లెన్స్ వద్దు.

కంట్లో ఇసుక పడ్డట్టు గరగర

ఆషాఢం గాలి మొదలైతే మా ఊళ్లో ఎర్రమట్టి కిటికీ సందుల్లోంచి కూడా వస్తుంది. లెన్స్ పెట్టుకునే చోటు ఫ్యాన్ కింద కాకుండా చూసుకోండి, కింద తెల్లటి శుభ్రమైన గుడ్డ పరవండి. గరగరమంటే తీసి సెలైన్‌తో కడిగి మళ్లీ పెట్టండి. అప్పటికీ అదే చోట గుచ్చుతుంటే అంచు విరిగిందేమో గోరుతో కాకుండా కంటితో చూడండి. విరిగిన లెన్స్ ఒక్క రాత్రి కూడా పనికిరాదు.

లెన్స్ మీద, డబ్బాలో తెల్లటి మచ్చలు

ఇది బోరు నీళ్ల పని. మన బకెట్ల మీద, గీజర్ లోపల పేరుకునే ఆ తెల్ల ఉప్పే. కానీ మచ్చలకంటే వెనకున్న సంగతి పెద్దది: ఎవరో లెన్స్‌ని, లేదా డబ్బాని కుళాయి కింద కడుగుతున్నారు. ఎకాంతమీబా గురించి పైన చెప్పింది అందుకే. "క్యాన్ నీళ్లే సార్, ప్యూరిఫైడ్" అంటారు. క్యాన్ నీళ్లు తాగడానికి మంచివి కావచ్చు, లెన్స్‌కు కావు, వాటిలో క్రిములు లేవని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాచి చల్లార్చినవి కూడా వద్దు. చేతులు మాత్రం సబ్బు నీళ్లతో కడిగి, పీచు రాలని గుడ్డతో పూర్తిగా తడి ఆరేలా తుడవండి. డబ్బాను ద్రావణంతోనే కడిగి బోర్లించి ఆరబెట్టి, నెల రెండు నెలలకొకటి మార్చేయండి. పాత ద్రావణంలో కొత్తది కలపడం మానుకోండి, రోజూ పారబోయాల్సిందే.

రాత్రి బండి నడిపితే లైట్ల చుట్టూ వలయాలు

చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది, లెన్స్ చదును చేసిన చోటు చిన్నదైతే దాని అంచు అడ్డం పడుతుంది. పవర్ ఎక్కువున్నవాళ్లకు ఆ చోటు చిన్నగా వస్తుంది కాబట్టి బాధా ఎక్కువే. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2002లో రాత్రి వాడకానికి అనుమతిచ్చినప్పుడు మైనస్ 6 దాకా ఒప్పుకుంది గానీ, హాయిగా ఉండేది మైనస్ 4 లోపు వాళ్లకే. కొన్ని వారాల్లో చాలామందికి తగ్గుతుంది. తగ్గేదాకా హైవే 44 మీద రాత్రి బండి నడపకండి. ఎదురొచ్చే లారీ లైట్లు ఒకటికి మూడుగా కనిపించే రోడ్డు కాదది.

జ్వరం, పెళ్లి, ప్రయాణం: లెన్స్ మానాల్సి వచ్చింది

జ్వరం, గట్టి జలుబు, కండ్లకలక ఉన్నప్పుడు మానడమే సరైన పని. తెల్లవారుజాము ముహూర్తాలకు నిద్ర లేని రాత్రుల్లో కూడా అంతే. మొదటి రోజు పాత అద్దాలు పెడితే పవర్ ఎక్కువై తలనొప్పి వస్తుంది, రోజులు గడిచేకొద్దీ అవే సరిపోతాయి. పూర్తిగా పాత సైటు రావడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు. పాత అద్దాలు పారేయొద్దని అందుకే చెప్పేది. సైటు పోగొట్టే లేజర్ ఆపరేషన్ (లేసిక్) చేయించుకోవాలనుకుంటే మాత్రం ఈ లెక్క చాలదు: లెన్స్ ఆపాక కొంత ఎడంతో తీసిన పటాలు ఒకదానితో ఒకటి కలిసేదాకా సర్జన్ ఆగమంటారు. అప్పుడు ఎప్పటినుంచి లెన్స్ వాడుతున్నారో ఆయనకు దాచకుండా చెప్పండి.