వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: దెయ్యం సినిమా దగ్గర ఆగిపోవద్దు

పోయిన పాఠం చివర రెండు రచనలు విని, కచేరీ అయ్యాక పక్కసీటు వాళ్లతో మాట్లాడినట్టుగా, మీకేమనిపించిందో అయిదు వాక్యాల్లో రాయమన్నాను. మొదటిది హంగేరియన్ స్వరకర్త లిగెటి 1961లో ఆర్కెస్ట్రాకి రాసిన 'అట్మాస్ఫియర్స్'. రెండోది ఆయనే 1961-62లో ఆర్గన్‌కి, అంటే పైపుల్లోకి గాలి పంపి మోగించే వాద్యానికి, రాసిన 'వోలుమినా'. మీ జవాబులన్నీ చదివాను. ఎక్కువ జవాబుల్లో మొదటి వాక్యం ఒక్కటే: "దెయ్యం సినిమా మ్యూజిక్‌లా ఉంది." చాలామంది ఆ మాట రాసి కలం పక్కన పెట్టేశారు. మిగతా నాలుగు వాక్యాలూ దాన్నే అటు తిప్పి ఇటు తిప్పి చెప్పినవి. అందుకని ఆర్గన్, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచనల జోలికి ఇవాళ కొంచెమే వెళ్దాం. ముందు ఈ ముడి విప్పకపోతే అక్కడా ఇదే మాట రాస్తారు.

ఆర్గన్ ఎలా మోగుతుందో, స్టాప్ అంటే ఏమిటో, ఆర్కెస్ట్రాలో ఎవరెక్కడ కూర్చుంటారో మొదటి పాఠంలో ఉంది. మళ్లీ చెప్పను.

"దెయ్యం సినిమా" అని మీకు నిజంగా అనిపిస్తే ఆ మాట దాచుకోనక్కర్లేదు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఆ మాటలో మీరు ఎప్పుడో చూసిన సినిమా ఉంది గానీ ఇప్పుడు విన్న శబ్దం ఎక్కడుంది? వయొలిన్లు ఉన్నాయా, ఆర్గన్ ఉందా, శబ్దం పెరిగిందా తగ్గిందా, ఏదీ తెలియదు. ఆ వాక్యం చదివి నేను ఏ రచన గురించి రాశారో కూడా చెప్పలేను. రెండు రచనలకీ అదే వాక్యం రాసినవాళ్లున్నారు. ఒకదాంట్లో ఎనభై మందికి పైగా వాయిద్యకారులు, ఇంకోదాంట్లో ఒకే ఒక్కరు!

పైగా వరస తిరగబడింది. 'అట్మాస్ఫియర్స్' మొదటిసారి 1961 అక్టోబరులో జర్మనీలోని డోనవెషింగెన్ ఉత్సవంలో వినిపించింది. అక్కడి శ్రోతలు మళ్లీ వాయించమన్నారు, మళ్లీ వాయించారు కూడా. స్టాన్లీ కుబ్రిక్ దాన్ని తన అంతరిక్ష చిత్రంలో వాడుకున్నది 1968లో. 1980లో ఆయనే తీసిన భయానక చిత్రంలోకి లిగెటి, పోలిష్ స్వరకర్త పెండెరెట్స్కీల సంగీతం వచ్చింది. ఆ తర్వాత అలాంటి ధ్వనులు భయపెట్టే సన్నివేశాలకి ఆనవాయితీ అయిపోయాయి. అంటే సినిమాలే ఈ సంగీతం దగ్గర అప్పు తెచ్చుకున్నాయి. అప్పు తీసుకున్నవాళ్ల పేరు పెట్టి ఇచ్చినవాళ్లని పిలుస్తుంటే నాకు మనసొప్పదు.

పెండెరెట్స్కీ విషయం ఇంకా గట్టిది. 1960లో ఆయన 52 తంత్రీ వాద్యాలకి ఒక రచన చేశాడు. దానికి ముందు పెట్టిన పేరు వట్టి నిడివి: 8 నిమిషాల 37 సెకన్లు. హిరోషిమా మృతులకి శోకగీతం అన్న పేరు తర్వాత వచ్చింది. స్వరాలు మారలేదు. కానీ రెండో పేరు తెలిసి విన్నవాళ్లకి అందులో విమానాలు, సైరన్లు, ఏడుపులు వినిపిస్తాయి. మొదటి పేరుతో వింటే విల్లుని బ్రిడ్జి (తీగల్ని ఎత్తి పట్టే చెక్క) అవతల లాగుతున్న గరగర, వాద్యం చెక్క మీద తడుతున్న చప్పుడు, ఒక స్వరం నెమ్మదిగా లావెక్కి ఒక పట్టీలా పరుచుకోవడం వినిపిస్తాయి. రెండూ నిజమైన అనుభవాలే. మొదటి పేరుతో విన్నది మాత్రం మీ సొంత చెవి సంపాదించింది. అందుకే నేను కచేరీకి ముందు ప్రోగ్రామ్ పుస్తకం తెరవను, విరామంలో చదువుతాను. మీకు ముందే చదివే అలవాటుంటే ఈ పాఠాలు అయ్యేవరకైనా మానుకోండి.

ఇక అసలు పని. ఒక జవాబు తీసుకుని మీ ముందే విప్పుతాను. వచ్చిన వాక్యం: "అట్మాస్ఫియర్స్ వింటే భయం వేసింది." నేను అడిగేది: ఎప్పుడు? మొదటి క్షణం నుంచీనా? మొదట్లో ఉన్నది ఏమిటి? తంత్రీ వాద్యాలు, కొన్ని ఊదే వాద్యాలు తలా ఒక స్వరం పట్టుకుని, పక్కపక్క స్వరాలన్నీ ఒకేసారి, చాలా మెల్లగా. తాళం వేద్దామంటే దెబ్బ లేదు, కూనిరాగం తీద్దామంటే పాట లేదు. అక్కడ చాలామందికి భయం వేయదు, చెవి ఎక్కడ ఆనాలో తెలియక తచ్చాడుతుంది. భయం వేసే చోటు తర్వాత వస్తుంది. రచన మధ్యకి రాకముందే శబ్దం పైకి పైకి పాకి పికోలోల (అతి చిన్న ఫ్లూట్ల) దగ్గర చెవులు గుచ్చుకునేంత ఎత్తుకి చేరుతుంది. అక్కడ ఠక్కున తెగుతుంది. మరుక్షణం డబుల్ బాస్‌లు (తంత్రీ వాద్యాల్లో అన్నిటికంటే పెద్దవి) అట్టడుగున గుర్రుమంటాయి. మధ్యలో ఏమీ లేదు. పై అంతస్తూ కింది అంతస్తూ తప్ప నడుమ మెట్లే లేని చోటు అది. మీ కడుపులో ఏదో జారింది అక్కడే.

ఇప్పుడు వాక్యం మళ్లీ రాద్దాం: "పికోలోలు తెగిపోయి, కింద డబుల్ బాస్‌లు ఒక్కటే మిగిలినప్పుడు పట్టు తప్పినట్టయి భయం వేసింది." ఇది చదివినవాడు రచన తెచ్చుకుని ఆ చోటు వెతుక్కోగలడు. "నాకు భయం వేయలేదు, నవ్వొచ్చింది" అని మీతో వాదించనూ వచ్చు. "దెయ్యం సినిమా" అన్న మాటతో వాదించడానికి ఏముంది?

మీలో కొందరు నాకు ఎంతో నచ్చిన మాట ఒకటి రాశారు. అయితే తప్పుగా విన్నామేమోనని భయపడుతూ రాశారు. 'వోలుమినా' చివర్లో రికార్డింగ్ పాడైందనుకున్నారట, స్వరం కుంగిపోతూ, వంకర్లు పోతూ ఆరిపోయిందట. పాడవలేదు! అక్కడ వాయించేవారు కీబోర్డు మెట్లు నొక్కి పట్టుకునే ఉంటారు, గాలి కొట్టే మోటారు ఆపేస్తారు. పెట్టెలో మిగిలిన గాలి తగ్గేకొద్దీ పైపుల గొంతు సన్నగిల్లి, శ్రుతి దిగజారి, ఒక్కో పైపూ ఒక్కోలా మూగబోతుంది. ఆ చివరి ఘట్టాన్ని విన్నవాళ్లు, కారణం తెలియకపోయినా, ఈ పాఠంలో అందరికంటే ముందున్నారు. "ఏదో పాడైంది" అనిపించిన చోటల్లా పెన్సిల్ తీయండి. ఇలాంటి సంగీతంలో ఆ చోట్లే చాలాసార్లు అసలు సంగతి.

"అపస్వరం" అని రాసినవాళ్లకి. ఫోన్‌లో స్వరం పుట్టించే ఆప్ ఏదైనా తెరిచి 440 హెర్ట్జ్ మోగించండి, ఇంకో ఫోన్‌లో 443. రెండూ కలిస్తే సెకనుకి మూడుసార్లు శబ్దం లేచి పడుతుంది. ఆ అలని విస్పందనం అంటారు. ఆర్గన్ చేసేవాళ్లు దీన్ని కావాలని చేస్తారు. వా సెలెస్ట్ అనే స్టాప్‌లో (స్టాప్ అంటే ఒక పైపుల వరసని మోగించే మీట) పైపుల వరసని కొద్దిగా హెచ్చు శ్రుతిలో పెట్టి, మామూలు వరసతో కలిపి మోగిస్తారు. వినేవాళ్లకి అది వణుకుతున్న మెత్తదనంలా తోస్తుంది, ఎవరూ అపస్వరం అనరు. లిగెటి చేసిందల్లా ఆ దగ్గరి స్వరాల సంఖ్యని పదులకి పెంచడం. పనిలో పనిగా ఇంకోటి: హాలు వేడెక్కితే ఆర్గన్ పైపుల శ్రుతి పెరుగుతుంది, అప్పటికప్పుడు దాన్ని సరిచేయడం కుదరదు. కాబట్టి ఆర్కెస్ట్రాయే ఆర్గన్‌ దగ్గరికి రావాలి. కచేరీలో ఇద్దరి మధ్యా కొంచెం తేడా వినిపిస్తే స్వరకర్త మీద నేరం మోపకండి.

"బోరు కొట్టింది" మంచి జవాబే, ఏ నిమిషం నుంచో రాస్తే. ఆర్గన్‌కి ఊపిరి తీసుకోవడం ఉండదు. మెట్టు వదిలేదాకా స్వరం అదే బలంతో నిలుస్తుంది. వయొలిన్‌లా సన్నబడదు, పియానోలా చావదు. మార్పు లేని చోట చెవి విసుగెత్తడం సహజం, మార్పు వచ్చిన చోట లేచి కూర్చోవడమూ సహజమే. జర్మనీలోని హాల్బర్‌స్టాట్‌లో జాన్ కేజ్ ఆర్గన్ రచన ఒకటి 2001 నుంచి మోగుతోంది, 2640 దాకా మోగాలి. మొదలవడమే నిశ్శబ్దంతో, తొలి శబ్దం వచ్చింది 2003 ఫిబ్రవరిలో. అక్కడ స్వరం మారే రోజున జనం గుమిగూడతారు, 2024 ఫిబ్రవరి 5న అలాగే చేరారు. మీ విసుగు ఎక్కడ తెగిందో రాయండి, చాలు.

"ఛాతీ అదిరింది" అని ఎవరూ రాయలేదు. రాయలేరు కూడా, అందరూ ఇయర్‌ఫోన్లలో విన్నారు. 32 అడుగుల పైపు, అంటే దాదాపు పది మీటర్లది, అట్టడుగు స్వరంలో సెకనుకి సుమారు 16 సార్లు కంపిస్తుంది. చెవి పట్టుకునే హద్దు దాదాపు 20. కుర్చీకి, పక్కటెముకలకి తెలిసే సంగతి అది. హాలులో వినే అవకాశం ఒక్కసారి దొరికినా వదులుకోకండి, మధ్య వరసల్లో కొంచెం వెనక్కి కూర్చోండి. ముందు వరసలో వయొలిన్లే వినిపిస్తాయి, ఆర్గన్ మీ తల మీదుగా వెళ్లిపోతుంది.

"అర్థం కాలేదు" అన్నవాళ్లకి నా దగ్గర ప్రత్యేకమైన మందేమీ లేదు. కింది సాధన చేయండి.

సాధనకి ఈసారి ఆర్గన్‌తో ఆర్కెస్ట్రా. ఆరన్ కోప్లాండ్ 1924లో రాసిన ఆర్గన్ సింఫనీ. 1925 జనవరిలో న్యూయార్క్‌లో తొలి ప్రదర్శన, ఆర్గన్ మీద ఆయన గురువు నాదియా బూలాంజే. అది ముగియగానే కండక్టర్ వాల్టర్ డామ్రాష్ శ్రోతల వైపు తిరిగి, ఇరవై మూడేళ్లకే ఇలాంటి సింఫనీ రాయగలిగిన కుర్రాడు అయిదేళ్లలో హత్యకైనా సిద్ధపడతాడని అన్నాడు. ఏ చోటు విని ఆ మాట పుట్టి ఉంటుందో మీరు వెతకాలి. మూడు భాగాల్లో రెండోదైన స్కెర్ట్‌సో ఒక్కటే తీసుకోండి.

మొదటిసారి కలం లేకుండా వినండి. రెండోసారి గడియారం ఎదురుగా పెట్టుకుని, మీ ఒంట్లో గానీ మనసులో గానీ ఏదైనా కదిలిన ప్రతి నిమిషం, సెకను గుర్తు పెట్టండి, కారణం రాయకండి. మూడోసారి ఆ గుర్తుల దగ్గరే ఆపి ఆపి విని, ప్రతి గుర్తు పక్కనా ఏ వాద్యం, ఎత్తా పల్లమా, పెరుగుతోందా తెగిందా, ఆర్గన్ ఆర్కెస్ట్రాతో కలిసిందా ఎదురు నిలిచిందా, రాయండి. తర్వాత పది వాక్యాలు. వాటిలో "లాగా", "లాంటి", "అద్భుతం", "బాగుంది", "బాలేదు" రాకూడదు. ప్రతి వాక్యంలో ఒక వాద్యం పేరు, మీకు కలిగిన ఒక స్పందన, రెండూ ఉండాలి. ఒక్క రోజులో అవదు, వారం పెట్టుకోండి.

ఓపిక ఉన్నవాళ్లు కైయా సారియాహో 2013లో ఆర్గన్‌కి, ఆర్కెస్ట్రాకి రాసిన 'మాన్ వర్యోత్' మొదటి భాగం కూడా ఇదే పద్ధతిలో వినండి. పేరుకి అర్థం ఇప్పుడే వెతకొద్దు. అందులో ఆర్గన్ ఎక్కడ ఆగి ఆర్కెస్ట్రా ఎక్కడ అందుకుందో తేల్చుకోలేని చోట్లు వస్తాయి. అలా మోసపోయిన నిమిషాలన్నీ ఒక కాగితం మీద విడిగా రాసి ఉంచండి. అయిదో పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.