తుపాను రాకముందే షట్టరు మోటారు: విశాఖ ఇళ్లకు కొన్ని జాగ్రత్తలు

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ విశాఖ వద్ద తీరం దాటింది. మరునాడు ఉదయం అమ్మకు ఆయాసం ఎక్కువైంది. కారు కింద షెడ్డులో ఉంది. షట్టరుకు మోటారు పెట్టించి ఏడాది కూడా కాలేదు. కరెంటు లేదు. చేత్తో లాగే గొలుసు ఒకటి ఉందని తెలుసు. కానీ షెడ్డులో చెక్కపని చేయించినప్పుడు మోటారు కనబడకుండా ప్లైవుడ్ పెట్టె బిగించారు. గొలుసు ఆ పెట్టెలోనే ఉండిపోయింది. పక్కింటి గునపం తెచ్చి పెట్టె పగలగొట్టి షట్టరు ఎత్తేసరికి ముప్పావు గంట పట్టింది. అంతసేపూ అమ్మ మెట్ల మీద కూర్చుని ఊపిరి కోసం తంటాలు పడింది.

అందుకే షట్టరుకో గేటుకో మోటారు పెట్టించుకుంటున్నామని ఎవరు చెప్పినా, కరెంటు లేనప్పుడు అది ఎలా తెరుచుకుంటుందో ముందు అడగమంటాను. ధర, రిమోటు, ఫోనులో నొక్కితే తెరుచుకునే సదుపాయం, ఇవన్నీ దాని తరువాతే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో ఎప్పుడు వాయుగుండం పుట్టినా మన తీరం వైపు చూడవలసిందే. పెట్టించేవారు వర్షాకాలం మధ్యలోనే నిర్ణయం తీసుకోవాలి. ఇప్పటికే ఉన్నవారు దసరా వాహన పూజ లోపు ఒకసారి పరీక్షించుకోవాలి.

ఇది మన ఒక్క ఊరి బాధ కాదు. 2017లో ఉత్తర కాలిఫోర్నియాలో కార్చిచ్చులు చెలరేగినప్పుడు కరెంటు పోయి, కారు షెడ్ల తలుపులు ఎత్తలేక కొందరు మంటల్లో చిక్కుకున్నారు. ఆ తరువాత ఆ రాష్ట్రం చట్టం చేసింది. 2019 జులై 1 నుంచి అక్కడి ఇళ్లకు అమ్మే ప్రతి కొత్త తలుపు మోటారుకూ బ్యాటరీ ఉండి తీరాలి. మన దగ్గర అలాంటి నిబంధన లేదు కాబట్టి ఆ పట్టుదల కొనేవారికే ఉండాలి.

కరెంటు లేకుండా తెరిచే పద్ధతి మోటారు రకాన్ని బట్టి మారుతుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది పట్టీలతో చుట్టుకునే రోలింగ్ షట్టరు. దానికి పక్కన బిగించే మోటారైతే చేతి గొలుసు వేలాడుతూ ఉంటుంది. గొలుసు లాగే ముందు కొన్నింటిలో బ్రేకు విడిచే చిన్న మీట తిప్పాలి. అది ఎక్కడుందో బిగించే రోజునే చూపించమని అడగండి. నడుమ ఇరుసు మీదే కూర్చునే మోటారుకు గొలుసు ఉండదు. సన్నని తీగ లాగితే బ్రేకు వదులుతుంది, ఆపైన స్ప్రింగుల సాయంతో షట్టరును చేత్తో ఎత్తాలి. షెడ్డుకు వేరే తలుపు లేకపోతే ఆ తీగ లోపలే ఉండి మీరు బయట ఉంటారు. కాబట్టి గోడకు బయటివైపు తాళంతో చిన్న పెట్టె పెట్టించి తీగను అందులోకి తెప్పించుకోండి. పైకప్పుకు బిగించే మోటారుతో పలకలుగా పైకి జారే తలుపులు కొత్త విల్లాలలో కనిపిస్తున్నాయి. వాటికి సాధారణంగా ఎర్ర తాడు వేలాడుతుంది. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడే దాన్ని లాగాలి. పైకి ఎత్తి ఉండగా లాగితే, స్ప్రింగు బలహీనంగా ఉంటే, తలుపు ఒక్కసారిగా కిందికి పడుతుంది.

ఇంట్లో బలం తక్కువైన పెద్ద మనిషి చేత ఆ గొలుసు లాగించి చూడండి. వారి వల్ల కాకపోతే ఆ ఏర్పాటు ఆ ఇంటికి సరిపోలేదన్నట్టే.

మోటారు అమ్మేవారు ‘ఇంట్లో ఇన్వర్టరు ఉంది కదా, నడుస్తుంది’ అని తేలికగా అనేస్తారు. ఆ మాటను పరీక్షించకుండా నమ్మకండి. అర హార్స్‌పవర్ మోటారు అంటే దాదాపు 370 వాట్లు, కానీ తిరగడం మొదలుపెట్టే క్షణంలో దానికి కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు కావాలి. ఫ్యాన్లు, లైట్ల కోసం కొన్న ఇన్వర్టరు ఆ క్షణంలోనే ఆగిపోవచ్చు. బిగించిన రోజున మెయిన్ ఆపించి, ఇన్వర్టరు మీద షట్టరును రెండుసార్లు ఎత్తి దించమనండి. కొత్తగా కొంటుంటే 24 వోల్టుల డీసీ మోటారు, దానితోపాటు సొంత బ్యాటరీ ఉన్న రకం వైపు మొగ్గమని నా సలహా. ధర ఎక్కువే. షట్టరు బరువుకు అది చాలుతుందో లేదో కూడా చూసుకోవాలి. మన వేడికి ఆ బ్యాటరీలు రెండు మూడేళ్లలో నీరసిస్తాయి, కాబట్టి తుపాను కాలానికి ముందు కరెంటు ఆపి అది పనిచేస్తోందో లేదో చూడటం ఇంటి పనుల్లో చేర్చుకోవాలి.

గాలి విషయం దగ్గర కాస్త ఆగాలి. చాలామంది మోటారు గట్టిదైతే షట్టరు గట్టిదే అనుకుంటారు. మోటారు బరువును ఎత్తుతుంది, అంతవరకే. ముందు నుంచి తోసే గాలిని ఆపేది రెండు పక్కలా పట్టీలు జారే గాడులు, అంటే గైడ్లు, పట్టీల చివరల కొక్కేలు, గోడలోకి దిగిన బోల్టులు. కట్టడాల మీద గాలి బరువును లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం విశాఖకు సెకనుకు 50 మీటర్ల మూల వేగాన్ని తీసుకుంటుంది. గంటకు 180 కిలోమీటర్లన్నమాట. హుద్‌హుద్ గాలులు దాదాపు ఆ స్థాయివే. ఆ వేగంతో గాలి నేరుగా తాకితే చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు పడుతుంది. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న షట్టరు వైశాల్యం 7.4 చదరపు మీటర్లు. మొత్తం మీద పదకొండు వందల కిలోలు! ఒక చిన్న కారు అడ్డంగా ఒరిగి తోస్తున్నంత బలం ఆ పల్చని పట్టీల మీద పడుతుంది.

కాబట్టి మోటారు ఖరారు చేసే ముందు ఒక పట్టీని అంచు దగ్గర పట్టుకుని గైడులో ఎంత లోతుకు దిగిందో చూడండి. నడుమ చేత్తో నొక్కితేనే చివర బయటికి వచ్చేలా ఉంటే ముందు గైడ్లు మార్పించాలి. గైడ్ల బోల్టులు ఇటుక మీది ప్లాస్టరులో కాకుండా కాంక్రీటు స్తంభంలోకి దిగాలి. రెండు కార్లు పట్టే వెడల్పు షట్టరైతే నడుమ తీసి పెట్టుకోగల స్తంభం ఒకటి చేయించండి. తుపాను ముందు నిలబెట్టి బోల్టు వేస్తే సరిపోతుంది. షెడ్డు పైకప్పు రేకులదైతే ఇది మరీ ముఖ్యం. షట్టరు ఊడితే లోపలికి దూరిన గాలి రేకులను కింద నుంచి పైకి తన్నుతుంది.

మరొక సంగతి. అడుగున తాళం వేసి ఉంచి, అది మరచి రిమోటు నొక్కితే పట్టీలు వంగిపోతాయి, లేదా మోటారు కాలిపోతుంది. తాళం పడగానే మోటారుకు కరెంటు అందకుండా చేసే చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని తప్పక పెట్టించండి.

బరువు లెక్కను అమ్మేవారికే వదిలేయకండి. ఒక మిల్లీమీటరు మందం ఉన్న ఇనుప రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. మీ షట్టరు మందం, వైశాల్యంతో గుణించి, పట్టీల మడతలకు, అడుగు పట్టీకి మూడో వంతు కలిపితే ఉజ్జాయింపుగా బరువు తెలుస్తుంది. మోటారు సామర్థ్యం దానికంటే బాగా ఎక్కువ ఉండాలి. తుప్పుతో గైడ్లు బిగుసుకున్నప్పుడు బరువు పెరిగినట్టే లెక్క. స్ప్రింగులు ఉన్న షట్టరును మోటారు విడిపించి సగం ఎత్తి వదిలితే అక్కడే నిలవాలి. జారితే స్ప్రింగు సరిచేయించాలి, అది చేయి తిరిగిన మేస్త్రీ పనే. బిగుతుగా చుట్టిన స్ప్రింగు చెయ్యి విరచగలదు, సొంతంగా ముట్టుకోవద్దు.

ఉప్పుగాలి సంగతి విశాఖవారికి చెప్పాలా? లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ, సాగర్ నగర్, రుషికొండ, భీమిలి వైపు ఉన్నవారు కిటికీ ఊచల్లో రోజూ చూసేదే. అక్కడ రంగు పూసిన మామూలు ఇనుము కంటే జింకు పూత ఉన్నది మేలు. బోల్టులకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి, 304 కంటే ఉప్పును బాగా తట్టుకుంటుంది. మోటారు పెట్టె మీద ఐపీ అంకె చూడండి. దుమ్మును, నీటిని అది ఎంత ఆపగలదో చెప్పే గుర్తు అది. అందులో రెండో అంకె నీటికి సంబంధించినది. 4 అంటే చిమ్మిన నీటిని, 5 అంటే పైపుతో కొట్టినట్టు పడే నీటిని తట్టుకుంటుంది. వరదలో మునిగితే ఈ రెండూ ఆగవు. గైడ్లలో చిక్కని గ్రీజు పూస్తే బీచ్ ఇసుక అంటుకుని ఆకురాయిలా అరగదీస్తుంది. సిలికాన్ స్ప్రే వాడండి.

పిల్లలున్న ఇంట్లో సెన్సారు లేని మోటారు వద్దు. అమెరికాలో 1993 జనవరి 1 తరువాత తయారైన ఇంటి తలుపు మోటార్లకు, ఏదైనా అడ్డొస్తే వెనక్కి మళ్లే ఏర్పాటు తప్పనిసరి. మన రోలింగ్ షట్టర్లకు దాన్ని విడిగా అడిగి పెట్టించుకోవాలి. నేల నుంచి ఆరు అంగుళాల ఎత్తులోపే కాంతి సెన్సారు ఉండాలి. పాకే పిల్లలు, పెంపుడు కుక్క ఆ ఎత్తులోనే ఉంటారు. తలుపు దిగే చోట నాలుగు సెంటీమీటర్ల మందం కర్ర ముక్క పెట్టి చూడండి. తాకగానే తలుపు పైకి తిరగాలి. రిమోటు పిల్లల చేతికి అందనివ్వకండి.

జారే గేటుకు మోటారు పెట్టేవారు రెండు చివరలా గట్టి అడ్డుదిమ్మెలు ఉన్నాయో లేదో చూడాలి. పట్టాలు దాటి ఒరిగిన గేటు మనిషిని చంపేస్తుంది. కొండవాలు ఇళ్లలో ఏటవాలు పట్టాల మీద గేటు ఉంటే, మోటారును తాళంచెవితో విడిపించగానే అది తనంతట తానే దూసుకుపోతుంది. గేటు మోటారు నేల మీదే ఉంటుంది కాబట్టి గత వానలకు నీరు ఎంత ఎత్తు నిలిచిందో గుర్తుచేసుకుని దానికంటే పైకి దిమ్మె కట్టించండి. సెల్లారు ర్యాంపు అడుగున అసలు పెట్టించవద్దు.

పిడుగులకు సర్జ్ ప్రొటెక్టరు, సరైన ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ ఉండాలి. రిమోటు రోలింగ్ కోడ్ రకమే, అంటే నొక్కిన ప్రతిసారీ సంకేతం మారేదే తీసుకోండి. పాత రకం సంకేతాన్ని పట్టుకుని నకలు చేయడం తేలిక.

తుపాను హెచ్చరిక నారింజ రంగుకు మారగానే కారును ఎక్కడ ఉంచాలో తేల్చుకోండి. సెల్లారులో నీరు చేరే చోటైతే ముందే ఎత్తు ప్రదేశానికి తీసుకెళ్లండి. షట్టరు దించి, అడుగు తాళాలు వేసి, నడుమ స్తంభం నిలబెట్టి, మోటారు మెయిన్ ఆపేయండి. గొలుసు దగ్గర ఒక టార్చి, విడిపించే తాళంచెవి వేలాడదీయండి.

గాలి తగ్గాక తొందరపడకండి. నీటిలో తడిసిన మోటారుకు కరెంటు ఇవ్వకుండా ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి. పట్టీ వంగి ఉంటే బటను నొక్కవద్దు. కరెంటు రాలేదని షెడ్డులో జనరేటరు పెట్టి షట్టరు మూయడం, ఫోను ఛార్జింగు కోసం మూసిన షెడ్డులో కారు ఇంజను నడపడం ప్రాణాంతకం. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, పక్క గదిలో పడుకున్నవారికి కూడా తెలియదు. జనరేటరును ఇంటి బయట, కిటికీలకు దూరంగా పెట్టండి.